కత్తా? కరెంటా?



ఈ నెల మన శీర్షికలో మగవారి గడ్డం గురించి వ్రాస్తున్నానంటే కొందరు నవ్వుకొనవచ్చును. "అయ్యగారికి వ్రాయడానికి వాక్యంలో సంగతులు అయిపోయాయా?" అని అడుగవచ్చును. అయితే గత మాసం మా సంఘములో జరిగిన ఒక సంగతి నన్ను ఈ విషయం వ్రాయుటకు ప్రేరేపించింది. ఇంట్లో పెద్దవారున్న ప్రతి కుటుంబమూ దయచేసి చివరివరకు చదవండి.

మా సంఘ పెద్దలలో ఒకరు డెబ్బై ఏండ్లు దాటినవారు. ఎన్నో ఏండ్లుగా ఆదివారం తెల్లవారుజామున అందరికంటె ముందుగా మందిరమునకు వచ్చి, తలుపులు తెరచి, గంట కొట్టేది ఆయనే. తెల్ల పంచె, ఉతికిన చొక్కా, నున్నగా గీసిన గడ్డం. ఆయనను మరో విధంగా మేమెవరమూ చూడలేదు. శనివారం సాయంత్రం పెరట్లో స్టూలు వేసుకొని, వేపచెట్టుకు అద్దం తగిలించి, చెంబుతో వేడినీళ్ళు పెట్టుకొని గడ్డం గీసుకొనేవారు. ఆరాధనకు సిద్ధపడటంలో అది కూడా ఆయనకు ఒక భాగమే.

ఆయనకు పక్షవాతం వచ్చింది. దేవుని కృపవలన ప్రాణాపాయం తప్పింది. మాట తిరిగి వచ్చింది. కర్ర సాయంతో నడుస్తున్నారు. కుడిచెయ్యి మాత్రం స్వాధీనంలో లేదు. నడవగలిగినా మందిరమునకు రావడం మానేశారు. "ఓపిక లేదు అయ్యగారూ" అనేవారు. నేను నెలనెలా వెళ్ళి, ప్రార్థన చేసి, ప్రభువు బల్ల ఇచ్చి వచ్చేవాడిని.

గత మాసం వెళ్ళినప్పుడు ఆయన భార్య నన్ను వంటింటి గుమ్మం దగ్గర ఆపి మెల్లగా చెప్పారు. "ఓపిక లేక కాదు అయ్యగారూ. ఆ గడ్డంతో నలుగురిలోకి రావడం ఆయనకు నామోషీ. నేను గీద్దామంటే బ్లేడు పట్టుకోవడానికి భయం. రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటున్నారు. చిన్న గాటు పడినా రక్తం ఒక పట్టాన ఆగదు. అబ్బాయి కువైట్ నుండి కరెంటు మిషను పంపాడు. పెడితే వెంట్రుకలు పట్టుకొని పీకేసింది. ఆయన కేకవేసి తోసేశారు. అప్పటినుండి అది పెట్టెలోనే ఉంది."

నాకు సిగ్గువేసింది. ఇన్ని నెలలు ఆ గడ్డాన్ని చూస్తూనే ఉన్నాను. దాని వెనుక ఉన్న బాధను ఒక్కసారీ అడగలేదు.

పెట్టె తెప్పించి చూశాను. మిషను మంచిదే. ఆమె తప్పు కూడా ఏమీ లేదు. వాడే విధానం ఎవరూ చెప్పలేదు, అంతే. మన గ్రామాలలో చాలా ఇండ్లలో ఇదే జరుగుతుంది. పట్నంలోనో, గల్ఫులోనో ఉన్న కొడుకు ప్రేమతో పంపిన వస్తువు అటకమీద ఉంటుంది, తండ్రి అవసరం అలాగే ఉంటుంది. కాబట్టి ఈ రెండు పనిముట్లు ఎలా పనిచేస్తాయో ముందు తెలిసికొందాం.

రెండు పనిముట్లు

మన తాతల కాలంలో మంగలకత్తి ఒక్కటే ఉండేది. తోలుపట్టీమీద పదును పెట్టుకోవాలి, చెయ్యి తిరిగినవారు గీయాలి. అమెరికాలో కింగ్ క్యాంప్ జిల్లెట్ అనే ఆయన, పదును పోగానే పారవేసే పలుచని బ్లేడు ఆలోచనతో 1901లో కంపెనీ పెట్టాడు. 1903లో అమ్మకం మొదలైన ఏడాది అమ్ముడుపోయినవి 51 రేజర్లు, 168 బ్లేడ్లు మాత్రమే. తరువాత అది లోకమంతా వ్యాపించింది. జేకబ్ షిక్ అనే అమెరికా సైనికాధికారి 1930లో కరెంటు రేజరుకు పేటెంటు పొంది, 1931లో అమ్మకానికి తెచ్చాడు. 1939లో హాలండులోని ఫిలిప్స్ కంపెనీ గుండ్రంగా తిరిగే తలగల షేవరును, 1950లో జర్మనీలోని బ్రౌన్ కంపెనీ సన్నని జల్లెడ రేకుగల షేవరును తెచ్చాయి. నేడు బజారులో దొరికే షేవర్లు ముఖ్యంగా ఈ రెండు రకాలే.

చేతి రేజరులో బ్లేడు అంచు నేరుగా చర్మాన్ని తాకుతుంది. అందుకే గడ్డం నున్నగా వస్తుంది, గాట్లు పడేదీ అందుకే. గడ్డపు వెంట్రుక నీళ్ళు పీల్చుకొని మెత్తబడుతుంది కనుక రెండు మూడు నిమిషాలు వేడినీటితో తడిపి, నురగ పట్టించి గీస్తే బ్లేడు సాఫీగా నడుస్తుంది. పొడి ముఖంమీద గీసేవారు చర్మాన్నీ పాడుచేసికొంటారు, బ్లేడునూ పాడుచేస్తారు. వెంట్రుక ఉక్కుకంటె సుమారు యాభై రెట్లు మెత్తనిది. అంత మెత్తని వెంట్రుకే బ్లేడు అంచును సన్నసన్నగా విరుగగొడుతుందని అమెరికాలోని ఎంఐటి శాస్త్రవేత్తలు 2020లో చూపించారు. బ్లేడు మొద్దుబారితే గట్టిగా అదిమి గీయకుండా మార్చివేయడమే మంచిది.

కరెంటు షేవరులో బ్లేడు సన్నని రేకు వెనుక ఉంటుంది. వెంట్రుక ఆ రేకు రంధ్రంలో దూరితే లోపలి బ్లేడు కత్తెరవలె కత్తిరిస్తుంది. పదును చర్మాన్ని నేరుగా తాకదు కనుక గాటుపడే ప్రమాదం చాలా తక్కువ. బ్లేడుతో గీసినంత నున్నగా మాత్రం రాదు. ఇంకొక సంగతి ముఖ్యం. ఒకటి రెండు రోజుల గడ్డమైతేనే ఆ రంధ్రంలో దూరుతుంది. పెరిగిన వెంట్రుక పడుకొని ఉంటుంది, దూరక మధ్యలో చిక్కుకొని పీకుతుంది. ఆ పెద్దాయనకు జరిగింది ఇదే. నెలల గడ్డంమీద నేరుగా షేవరు పెట్టారు.

ఆ రోజు నేను కత్తెర, దువ్వెన అడిగి తీసికొని ముందు వెంట్రుకలు పొట్టిగా కత్తిరించాను. ఆ మిషనుకే ఒక పక్కన చిన్న ట్రిమ్మరు ఉంది. దానితో ఇంకా దగ్గరగా తీశాను. ముఖం సబ్బుతో కడిగి, బాగా తుడిచి ఆరనిచ్చి, ఒక చేత్తో చర్మం లాగిపట్టి, అదమకుండా మెల్లగా షేవరు నడిపాను. అరగంటకు పైగా పట్టింది. గడ్డం కింద కొన్ని వెంట్రుకలు మిగిలాయి కూడా. ఆయన ఎడమచేతితో చెంప తడుముకొని, "అద్దం ఏదే?" అని భార్యను అడిగారు.

ఎవరికి ఏది?

ఏది గొప్పదని నన్నడిగితే, ఎవరి ముఖానికి, ఎవరి చేతికి అని ముందు అడుగుతాను.

చెయ్యి స్థిరంగా ఉండి, చర్మం బాగున్నవారికి చేతి రేజరు చాలును. ఖర్చు తక్కువ, కరెంటుతో పనిలేదు, బ్లేడు ఏ ఊరి కొట్లోనైనా దొరుకుతుంది. ఎదుటివారి దగ్గర ఖరీదైన మిషను చూసి అప్పుచేసి కొనవలసిన అవసరం లేదు.

రక్తం పలచబడే మాత్రలు వాడేవారికి, మధుమేహం ఉన్నవారికి, చేతులు వణికేవారికి, చూపు మందగించినవారికి, ఒకరిచేత గీయించుకొనేవారికి కరెంటు షేవరు క్షేమకరం. మధుమేహం ఉన్నవారిలో చిన్న గాటు కూడా త్వరగా మానక చీము పట్టవచ్చును. గాట్లకు భయపడి మాత్రలు మాత్రం సొంతంగా మానవద్దు. అది ప్రాణానికే ముప్పు. డాక్టరుగారిని అడగండి.

గడ్డం గీసిన చోట పొక్కులు లేచే యౌవనస్థులకు ఒక మాట. బాగా నున్నగా గీసినప్పుడు వంకీ వెంట్రుక తిరిగి చర్మంలోకే పెరిగి పొక్కు లేస్తుంది. అటువంటివారు కొంచెం వెంట్రుక మిగిలేలా ట్రిమ్మరు వాడుకొనుట మేలు. ఎక్కువసార్లు గీస్తే గడ్డం దట్టంగా మొలుస్తుందనేది వట్టి మాట. కత్తిరించిన వెంట్రుక కొన మొద్దుగా ఉండి గరుకుగా తగులుతుంది, అంతే.

షేవరు కొనదలచినవారు, దాని రేకు, బ్లేడు మీకు దగ్గరి పట్టణంలో విడిగా దొరుకుతాయో లేదో ముందు విచారించండి. ఒకటి రెండు సంవత్సరాలకు వాటిని మార్చవలసి ఉంటుంది. కొత్తగా మొదలుపెట్టినవారికి చర్మం అలవాటుపడటానికి మూడు నాలుగు వారాలు పట్టవచ్చును. రెండు రోజులకే విసిగి పారవేయవద్దు. నీళ్ళలో కడగవచ్చునని దానిమీద ఉంటేనే కడగండి. తడిచేతులతో ప్లగ్గు ముట్టుకోవద్దు.

ఒక బ్లేడు - ఒక మనిషి

చేతి రేజరు వాడేవారు మరువకూడని సంగతి ఇది. కంటికి కనబడని రక్తం బ్లేడుమీద ఉండవచ్చును. హెపటైటిస్-బి క్రిమి శరీరం వెలుపల కనీసం ఏడు రోజులు బ్రదికి ఉండగలదు. హెపటైటిస్-సి కూడా ఈ విధంగా అంటవచ్చును. ఇవి కాలేయాన్ని పాడుచేసే వ్యాధులు. తండ్రి బ్లేడు కొడుకు, అన్న బ్లేడు తమ్ముడు వాడుట పొదుపు కాదు. షేవరు కూడా ఎవరిది వారికే ఉండాలి. సెలూనుకు వెళ్ళినప్పుడు, మీ కళ్ళముందు కొత్త బ్లేడు వేయమని మర్యాదగా అడగండి. ఆ పనిచేసే సహోదరుడు కష్టపడి జీవించేవాడు. ఆయనను చిన్నబుచ్చకుండా, ఆ బ్లేడు ఖర్చు మీరే ఇవ్వండి. వాడిన బ్లేడ్లు పెంటకుప్పమీద పడవేస్తే పశువులకూ, చెత్త ఎత్తేవారికీ గాయం చేస్తాయి. మూతగల రేకు డబ్బాలో వేసి, నిండిన తరువాత మూసి పారవేయండి.

చూడటం నేర్చుకొందాం

జిల్లెట్ కంపెనీ గురించి ఒక సంగతి చదివాను. మన దేశం కోసం కొత్త రేజరు చేయాలని, అమెరికాలోనే చదువుకొంటున్న భారతీయ విద్యార్థులచేత ఒక రేజరును పరీక్ష చేయించారట. వారు బాగుందన్నారు. తీరా అది ఇక్కడికి వచ్చాక సరిగా పనిచేయలేదు. అక్కడి విద్యార్థులకు కుళాయి నీరు ధారగా వస్తుంది. ఇక్కడ మనవారు చిన్న గిన్నెలో నీళ్ళు పెట్టుకొని, చాలని వెలుతురులో గీసుకొంటారు. ఇరుక్కున్న వెంట్రుకలు ఆ కొద్ది నీటిలో వదలలేదు. తరువాత వారు మన దేశానికి వచ్చి, ఇండ్లలో కూర్చొని, మనుష్యులు గడ్డం గీసుకొనే తీరును గంటల తరబడి చూశారు. అప్పుడు సులువుగా కడుక్కోగలిగిన ఒకే బ్లేడు రేజరు చేసి 2010లో అమ్మకానికి తెచ్చారు.

లాభం కోసం పనిచేసేవారు ఒక మనిషి ఇంట్లో కూర్చొని అతని అవసరం ఓపికగా చూశారు. మరి ప్రేమ కోసం పిలువబడిన మనం, మన తండ్రి ముఖాన్ని ఎంతసేపు చూస్తున్నాం? కాపరినైన నేనే చూడలేదని పైన ఒప్పుకొన్నాను.

పరిశుద్ధ గ్రంథములో గడ్డం సంగతి చాలాచోట్ల ఉంది. యోసేపు చెరసాలనుండి ఫరో ఎదుటికి వెళ్ళకముందు క్షౌరము చేయించుకొన్నాడు (ఆది. 41:14). నాజీరు వ్రతం పట్టినవారు కత్తి తగలనివ్వలేదు (సంఖ్యా. 6:5). కాబట్టి గడ్డం ఉంచుకొన్నవాడు భక్తుడనీ, తీసినవాడు భక్తుడు కాడనీ ఎవరూ తీర్పు తీర్చకూడదు. నా మనస్సును ఎక్కువగా తాకినది రెండవ సమూయేలు పదియవ అధ్యాయం. అమ్మోనీయుల రాజు హానూను, దావీదు పంపిన సేవకులను అనుమానించి, వారి గడ్డములు సగము గొరిగించి, వస్త్రములు కత్తిరించి పంపివేశాడు. వారు మిక్కిలి సిగ్గుపడ్డారు. దావీదుకు ఆ సంగతి తెలిసినప్పుడు, వారిని అలాగే యెరూషలేముకు రమ్మనలేదు. ఎదురుగా మనుష్యులను పంపి, గడ్డములు పెరిగేవరకు యెరికోలో ఉండమన్నాడు. ఒక రాజు తన సేవకుల గడ్డాల విషయమై ఆలోచించాడు. వారి ముఖాల సిగ్గు ఆయనకు చిన్న సంగతిగా కనబడలేదు.

మన ఇండ్లలో మంచంపట్టిన తండ్రులున్నారు, తాతలున్నారు. అన్నం పెడతాం, మాత్రలు వేస్తాం. గడ్డం సంగతి ఎవరికీ గుర్తురాదు, వారు నోరు తెరచి అడుగరు. కొడుకులారా, మనుమలారా, వారానికి రెండుసార్లు అరగంట కేటాయించండి. చేతిలో ఉన్నది రెండు రూపాయల బ్లేడైనా, గల్ఫు మిషనైనా, దానిని పట్టుకొనే చెయ్యి మీదై ఉండాలి.

మా పెద్దాయన తరువాతి ఆదివారం మందిరమునకు వచ్చారు. కొంచెం ఆలస్యంగానే వచ్చారు. గంట అప్పటికే ఒక యౌవనస్థుడు కొట్టేశాడు. ఆయన తన పాత చోటులో కూర్చున్నారు. ఇప్పుడు శనివారం సాయంత్రం ఆ యౌవనస్థుడే వెళ్ళి ఆయనకు గడ్డం తీస్తున్నాడు.

ఈ నెల మీరు చేయవలసినవి:

1. మీ ఇంట్లో, మీ వీధిలో స్వయంగా గడ్డం గీసుకోలేనివారు ఎవరున్నారో చూడండి.
2. వారి మందులు, చర్మం, చెయ్యి చూసి తగిన పనిముట్టు ఎన్నుకోండి.
3. పెరిగిన గడ్డాన్ని ముందు కత్తిరించి, తరువాతే షేవరు పెట్టండి.
4. ఒకరి బ్లేడు మరొకరు వాడకండి.
5. ఆపరేషనుకు వెళ్ళే చోట ఇంటివద్ద బ్లేడుతో గీయకండి. ఆ గాట్లవలన చీము పట్టవచ్చును. ఆసుపత్రివారు చెప్పినట్లు చేయండి.

ప్రార్థన: పరలోకపు తండ్రీ, మా కళ్ళముందు ఉండికూడా మేము చూడని అవసరాలను మాకు చూపించుము. మా పెద్దలను గౌరవముతో తాకే చేతులను మాకు దయచేయుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.