క్రీడారంగమున చిత్రసాక్ష్యము

1966వ సంవత్సరము జులై 30వ తేదీన లండను నగరమునందలి వెంబ్లీ క్రీడాంగణమున ప్రపంచ ఫుట్‌బాలు పోటీల తుది ఆట జరిగెను. ఇంగ్లండు, పశ్చిమ జర్మనీ జట్లు నియమిత కాలమున చెరి రెండు గోలులు చేసి సమముగా నిలిచినవి. అదనపు కాలమున ఇంగ్లండు ఆటగాడు జెఫ్ హర్స్ట్ తన్నిన బంతి గోలు అడ్డకఱ్ఱకు తగిలి, నిలువుగా నేలపై బడి, మరల మైదానములోనికి ఎగిరిపోయెను. ఆ బంతి గీతను పూర్తిగా దాటెనా, లేదా? స్విట్జర్లండు దేశీయుడైన రిఫరీ డీన్‌స్ట్ నిశ్చయింపజాలక, ప్రక్కగీతకడ నిలిచియున్న లైన్స్‌మన్ వద్దకు పోయెను. ఆ లైన్స్‌మన్ పేరు తోఫిక్ బహ్రామొవ్. సోవియట్ యూనియనునందలి అజర్‌బైజానువాడు. ఆయన గోలే యని తెలిపెను. ఇంగ్లండు 4-2 గోలులతో జగజ్జేత యయ్యెను. నాటి వాదము నేటికిని సమసిపోలేదు. అడ్డకఱ్ఱకు తగిలి గీతవద్ద పడి వెలికివచ్చు బంతిని జర్మనులు ఈనాటికిని 'వెంబ్లీ గోలు' అనియే పిలుతురు.

ఒక మనుష్యుని కంటిచూపుపై ఇంతటి భారమును మోపుట న్యాయమా యను ప్రశ్న అటుపిమ్మట పలుమారులు తలయెత్తెను. 1986 జూన్ 22న మెక్సికో నగరమున ఆర్జెంటీనా నాయకుడు మారడోనా ఇంగ్లండుపై తొలి గోలును తలతో గాక చేతితో చేసెను. రిఫరీ దానిని చూడలేదు. నాలుగు నిమిషములు గడువకమునుపే అదే మారడోనా తమ సగమునుండి బంతిని ఒంటరిగా నడిపించుకొనిపోయి, అడ్డువచ్చినవారి నందఱిని తప్పించి, లోకము మరువరాని మఱియొక గోలు చేసెను. ఒకే మనుష్యుడు, ఒకే అపరాహ్ణము, ఒకదానికొకటి పొసగని రెండు గోలులు! 2010 జూన్ 27న దక్షిణాఫ్రికాయందలి బ్లూమ్‌ఫాంటైనులో ఇంగ్లండు వంతు మరల వచ్చెను. ఆ జట్టు జర్మనీకంటె ఒక గోలు వెనుకబడియుండగా ఫ్రాంక్ లాంపార్డ్ తన్నిన బంతి అడ్డకఱ్ఱకు తగిలి గీతకు చాల లోపల పడెను. గోలు లభింపలేదు.

వెంబ్లీకిని బ్లూమ్‌ఫాంటైనుకును నడుమ ఒక భేదము కలదు. వెంబ్లీలో ఎవ్వరికిని నిశ్చయముగా తెలియదు. బ్లూమ్‌ఫాంటైనులో అట్లు గాదు. ఆటను టెలివిజనులో చూచుచున్న కోట్లకొలది జనులు తమ యిండ్లలో కూర్చుండి, బంతి లోపల బడుటను కొన్ని క్షణములలోనే మరల చూచిరి. చూడనివాడు తీర్పు చెప్పవలసిన రిఫరీ యొక్కడే. లోకమంతయు ఎఱిగిన నిజమును న్యాయాధిపతికి మాత్రము తెలుపగూడదనుట ఏ ధర్మమునకు సమ్మతము? చిత్రసాక్ష్యమును కోరినవారి పక్షమున ఇంతకంటె బలమైన మాట లేదు. ఈ మాటకు సమాధానము చెప్పకుండ పూర్వపద్ధతియే మేలనువారు న్యాయమును విడిచి అలవాటును పట్టుకొనినవారే యగుదురు.

క్రికెటువారు ఈ సంగతిని ముందుగానే గ్రహించిరి. అయితే మొదట వారిని బాధించినది చూపు గాదు, పక్షపాతశంక. ఏ దేశమున ఆట జరిగిన ఆ దేశపు అంపైర్లే తీర్పు చెప్పుట ఆచారమై యుండెను. 1986లో పాకిస్తాను, వెస్టిండీసు జట్ల నడుమ లాహోరులో జరిగిన టెస్టునకు తటస్థులుగా ఇరువురు భారతీయులను పిలిచిరి. వారిలో ఒకరు పీలూ రిపోర్టరు, రెండవవారు హైదరాబాదువాసి వి. కె. రామస్వామి. పక్షపాతశంక కొంత తొలగినను కంటికి అందని వేగము మిగిలియే యుండెను. 1992 నవంబరులో దర్బను నగరమున దక్షిణాఫ్రికాతో జరిగిన టెస్టులో సచిన్ టెండూల్కర్ పరుగునకు ముందడుగు వేసి వెనుకకు మరలునంతలో జాంటీ రోడ్స్ బంతిని అందుకొని విసరెను, వికెట్లు పడినవి. మైదానమునందలి అంపైరు తానుగా ఏమియు చెప్పక, టెలివిజను ఎదుట కూర్చుండిన మూడవ అంపైరును అడిగెను. చిత్రమును మరల చూచి ఇచ్చిన తీర్పుచే ఔటైన మొదటి ఆటగాడు మన టెండూల్కరే. ఆ తీర్పు సరియైనది. దానిని తప్పుపట్టినవారు లేరు.

'బంతి యెక్కడ నున్నది? పాదము గీతకు లోపలనా, వెలుపలనా?' అను ప్రశ్నలకు యంత్రమును మించిన సాక్షి లేదు. 2014వ సంవత్సరపు ప్రపంచ పోటీలలో గోలుగీతను కనిపెట్టు కెమెరాలను నెలకొల్పిరి. బంతి గీతను దాటగానే రిఫరీ చేతి గడియారమునకు సంకేతము వచ్చును. ఆట ఆగదు, వాదము పుట్టదు. 2022 డిసెంబరు 1న ఖతారులో జపాను, స్పెయిను జట్లకు జరిగిన ఆట ఇందులకు చక్కని నిదర్శనము. గోలు ప్రక్కగా గీతను దాటిపోవుచున్నట్లు తోచిన బంతిని జపాను ఆటగాడు మితోమా లోనికి తన్నగా, తనాకా దానిని గోలుగా మార్చెను. ప్రక్కనుండి తీసిన ఛాయాచిత్రములలో బంతి వెలుపల నున్నట్లే కనబడెను. కాని బంతి గుండ్రనిది. అది నేలను తాకుచోటు గీతకు వెలుపల నున్నను, దాని యంచు గీతపైన నిలిచియుండవచ్చును. బంతి యంతయు గీతను దాటినగాని వెలుపలికి పోయినట్లు కాదని నియమము. నిట్టనిలువుగా పైనుండి చూచిన కెమెరాలో ఆ యంచు కొద్ది మిల్లీమీటర్ల మేర గీతపై నుండెను. జపాను 2-1 గోలులతో గెలిచెను. ఆ గోలువలన నష్టపడినది ఆ మైదానమున లేనే లేని జర్మనీ; ఆ జట్టు పోటీనుండియే తొలగిపోవలసివచ్చెను. ఏ మానవనేత్రమును ఆ కొద్ది మిల్లీమీటర్లను పట్టజాలదు.

అయితే ఆటలో పుట్టు ప్రశ్నలన్నియు ఇట్టివి గావు. 2018వ సంవత్సరమున రష్యాలో వీడియో సహాయ రిఫరీ పద్ధతి తొలిసారిగా ప్రపంచ పోటీలలో ప్రవేశించెను. గోలులు, పెనాల్టీలు, ఎఱ్ఱ కార్డులు, ఒకరికి బదులు వేఱొకరిని శిక్షించిన సందర్భములు, ఈ నాలుగింటియందే అది జోక్యము కలిగించుకొనవలెను. అదియు స్పష్టమైన పొరపాటు జరిగినప్పుడే. జులై 15న మాస్కోలో ఫ్రాన్సు, క్రొయేషియా తుది ఆటయందు 1-1తో నుండగా మూలనుండి వచ్చిన బంతి క్రొయేషియా ఆటగాడు పెరిసిచ్ చేతికి తగిలెను. రిఫరీ పితానా మొదట దానిని లెక్కింపలేదు. వీడియో గదినుండి పిలుపు రాగా తెరయొద్దకు పోయి చూచెను. వెనుదిరిగి, మరల పోయి చూచెను. కడకు పెనాల్టీ ఇచ్చెను. ఫ్రాన్సు ఆధిక్యము పొంది తుదకు 4-2తో గెలిచెను. బంతి చేతికి తగిలెనని యంత్రము చెప్పినది నిజమే. ఆ తగులుట దోషమా, యాదృచ్ఛికమా యని అది చెప్పలేదు, చెప్పజాలదు. ఒకసారి చూచి తృప్తిపడక మరల చూడవలసివచ్చిన విషయమును 'స్పష్టమైన పొరపాటు' అనుట భాషకే అపచారము.

మఱియొక చిక్కు కలదు. మెల్లగా త్రిప్పిన చిత్రము కాలమును సాగదీయును. రెప్పపాటులో జరిగిన కాలితాకిడి నాలుగు క్షణములసేపు కనబడినప్పుడు, ఆ యాటగాడు ఆలోచించి, ఎంచి తన్నినట్లే తోచును. ఎక్కడ తగిలెనో తెలిసికొనుటకు మెల్లని చిత్రము మేలు. ఎంత బలముగా, ఏ బుద్ధితో తగిలెనో తెలిసికొనుటకు అది మోసకారి.

ఇక ఆఫ్‌సైడు సంగతి. ప్రత్యర్థుల గోలువద్ద ఊరక కాచుకొని నిలిచి సులభముగా గోలు చేయుటను వారించుటకై ఏర్పడిన నియమ మిది. నేడు ఒక బొటనవ్రేలి కొన ముందుకు వచ్చినదని గోలు రద్దగుచున్నది. ఆ సూక్ష్మత యెంతవఱకు నమ్మదగినదో చిన్న గణితముతో తెలియును. టెలివిజను కెమెరా క్షణమునకు ఏబది చిత్రములు తీయుననుకొందము. క్షణమునకు ఎనిమిది మీటర్ల వేగముతో పరుగిడు ఆటగాడు ఒక చిత్రమునకును మఱొక చిత్రమునకును నడుమ 16 సెంటీమీటర్లు సాగిపోవును. బంతి కాలిని విడిచిన క్షణము ఆ రెండు చిత్రముల నడుమ బడినచో వ్రేలికొనను కొలుచుట యెట్లు? ఈ లోపమును సరిదిద్దుటకే 2022 ప్రపంచ పోటీలలో బంతిలోపల క్షణమునకు అయిదువందల మారులు సంకేతము పంపు పరికరమును అమర్చిరి. కొలత మెరుగుపడెను, సందేహము లేదు. కాని వ్రేలికొనవలన ఆ యాటగానికి కలిగిన అన్యాయపు లాభమేమి యను ప్రశ్నకు పరికరము బదులు చెప్పదు.

ఈ కొలతలకు ప్రజలు చెల్లించుచున్న మూల్యము కూడ తక్కువది గాదు. ఫుట్‌బాలులో గోలు అరుదు. తొంబది నిమిషములు కాచుకొనిన వేలకొలది జనుల గొంతుకలు ఒక్కమారుగా పెకలు ఆ క్షణమే ఆటకు ప్రాణము. ఇప్పుడు గోలు చేసినవాడు సైతము ఎగిరి గంతులు వేయుటకు ముందు రిఫరీ చేయి చెవివద్దకు పోవుచున్నదేమో యని వెనుకకు తిరిగి చూచుచున్నాడు. టికెట్టు కొని మైదానమునకు వచ్చినవాడు ఏమి జరుగుచున్నదో తెలియక నిలిచియుండ, ఇంట కూర్చుండినవాడు సర్వము చూచుచుండుట విపరీతము. స్వీడన్ దేశమున క్లబ్బులలో అధికభాగపు ఓట్లు సభ్యులైన అభిమానులవే. వారు వలదనుటచే 2024లో ఆ దేశము ఈ పద్ధతిని నిరాకరించెను. ఆటను ప్రేమించువారి మాటను విన్న దేశమని దానిని మెచ్చుకొనవలసినదే. అదే సంవత్సరమున ఇంగ్లండు ప్రీమియరు లీగులో దీనిని రద్దు చేయవలెనని ఒక క్లబ్బు ప్రతిపాదింపగా ఇరువది క్లబ్బులలో పందొమ్మిది దానిని త్రోసిపుచ్చినవి. డబ్బు ఎక్కువైనచోట తప్పునకు భయము ఎక్కువ గాబోలు.

యంత్రము వచ్చినను తప్పు పోయెనా? 2023 సెప్టెంబరు 30న టాటెన్‌హామ్, లివర్‌పూల్ జట్ల ఆటలో లివర్‌పూల్ ఆటగాడు లూయిస్ డియాజ్ న్యాయమైన గోలు చేసెను. లైన్స్‌మన్ పొరబడి ఆఫ్‌సైడు జెండా ఎత్తెను. వీడియో గదిలోనివారు చిత్రమును సరిగానే చూచిరి, గోలే యని సరిగానే తేల్చిరి. కాని మైదానమున కూడ గోలు ఇచ్చిరని భ్రమించి, 'పరిశీలన పూర్తి యైనది' అని మాత్రము చెప్పిరి. ఆట తిరిగి మొదలయ్యెను. క్షణములలో తప్పు తెలిసినను, మొదలైన ఆటను ఆపుటకు నియమము ఒప్పుకొనదు. యంత్రము నిజము చూపినది, మనుష్యుడు నిజమును గ్రహించెను, అయినను అన్యాయమే నిలిచెను. లివర్‌పూల్ 2-1తో ఓడిపోయెను.

ఈ విషయమున క్రికెటు కొంత వివేకమును చూపినది. అచ్చట పునఃపరిశీలనను కోరువారు ఆటగాండ్రు. కోరుటకు పరిమితి కలదు. వ్యర్థముగా కోరినచో ఆ హక్కు తఱిగిపోవును. 2019 ఆగస్టు 25న ఇంగ్లండునందలి లీడ్సులో ఆస్ట్రేలియావారు దీని విలువను తెలిసికొనిరి. ఇంగ్లండునకు మిగిలినది ఒక్క వికెట్టు, కావలసినవి రెండు పరుగులు. లయన్ వేసిన బంతి బెన్ స్టోక్స్ కాలికి తగిలెను. అంపైరు ఔటు ఇయ్యలేదు. బంతి వికెట్లను తాకునని యంత్రము పిమ్మట చూపెను. కాని కొద్ది సేపటికి మునుపే ఆస్ట్రేలియావారు తమ చివరి యవకాశమును ఆశపడి పోగొట్టుకొనియుండిరి. ఆటను స్టోక్స్ గెలిపించెను. అంపైరు పొరపాటునకు తోడు ఆటగాండ్ర తొందరపాటును అందు పాలుపంచుకొనెను. అందుచేతనే ఆ ఓటమి చేదుగా నున్నను అన్యాయముగా తోపదు. ఫుట్‌బాలువారును 2024లో యువతుల, బాలికల ప్రపంచ పోటీలలో ఇట్టి పద్ధతిని పరీక్షించిరి. ప్రతి శిక్షకునకు ఒక్కొక్క ఆటలో రెండు అవకాశములు మాత్రమే. గదిలో కూర్చుండి ప్రతి గోలును వెదకువారు లేరు. అడిగినవాడు అడిగిన విషయమే పరిశీలింపబడును. గోలుగీతకు యంత్రము, మిగిలినవానికి ఇట్టి పరిమితమైన అర్థింపు, ఆపైన రిఫరీ ఈల. ఇంతకంటె ఎక్కువ కోరుట ఆటను న్యాయస్థానముగా మార్చుటయే.

చిత్రసాక్ష్యమువచ్చిన పిమ్మట మఱుగున పడుచున్న సాక్షి యొకడు కలడు: ఆటగాడే. 1980 ఫిబ్రవరిలో బొంబాయిలో ఇంగ్లండుతో జరిగిన టెస్టున బాబ్ టేలర్ క్యాచి ఔటైనట్లు అంపైరు చేయెత్తెను. బంతి బ్యాటునకు తగులలేదని తోచిన భారత నాయకుడు గుండప్ప విశ్వనాథ్, అంపైరును ప్రార్థించి టేలరును మరల ఆటకు పిలిపించెను. అప్పటికి అయిదు వికెట్లు పోగొట్టుకొని కష్టములో నున్న ఇంగ్లండు, టేలర్, బోథాముల జోడి చేసిన 171 పరుగులతో కోలుకొని, పది వికెట్ల తేడాతో గెలిచెను. విశ్వనాథుని నిందించినవారు నాడును లేకపోలేదు. గెలుపు కావలెనా, నిజము కావలెనా యని ఆనాడు ఏ కెమెరాయు ఆయనను అడుగలేదు.

బ్లూమ్‌ఫాంటైనులో లాంపార్డ్ బంతి పడినచోటికి అందఱికంటె దగ్గరగా నున్నవాడు జర్మనీ గోలుకీపరు నోయర్. బంతి గీత దాటినదని తాను గ్రహించితిననియు, దానిని వెంటనే అందుకొని ఆటను సాగించుటచే రిఫరీ మోసపోయి యుండుననియు పిమ్మట అతడే చెప్పెను. ఆ మాట బయటికి వచ్చునప్పటికి జర్మనీ 4-1తో గెలిచి, ఇంగ్లండు ఆటగాండ్రు ఇంటిదారి పట్టియుండిరి.