రీడింగులు ముందా, జవాబు ముందా?

"ఈసారి సంచికకు సైన్సు మీద ఏదైనా రాసివ్వాలి సార్" అని విద్యార్థి సంఘం కార్యదర్శి ఫోను చేసినప్పుడు నేను మిర్యాలగూడలో మా అక్క దంత వైద్యశాల కౌంటరు వెనక కూర్చుని, నిన్నటి చిల్లర లెక్క తేలక తల పట్టుకుని ఉన్నాను. ఖగోళ భౌతికశాస్త్రం స్పెషల్ పేపరుగా తీసుకుని ఎమ్మెస్సీ చదివినవాడికి పళ్ళ ఆస్పత్రిలో ఏం పని అని మీరు అడగవచ్చు. నిడమనూరులో మా మేనమామ ఎన్నో ఏళ్ళుగా అదే అడుగుతున్నాడు. "ఏందిరా అల్లుడా, చుక్కలు లెక్కపెడతనని పోయి ఆఖరికి పండ్లు లెక్కపెడుతున్నవా?" నేనిచ్చే జవాబు ఒక్కటే: "పన్నునొప్పి లేస్తే కనబడేవి కూడా చుక్కలే గద మామా!"

నవ్వులకేం గాని, ఆ చదువులోనూ ఈ కొలువులోనూ నన్ను పట్టి పీడించిన ప్రశ్న ఒకటుంది. ఈ వ్యాసం దాని గురించే. కొంచెం చేదుగా ఉంటుంది. అధ్యాపకులు ఆగ్రహించకూడదని ముందే మనవి చేసుకుంటున్నాను.

మిత్రులారా, మీ ప్రాక్టికల్ రికార్డులు ఒకసారి గుర్తు చేసుకోండి. సోడియం దీపం కాంతి తరంగదైర్ఘ్యం 5893 ఆంగ్‌స్ట్రాములని పుస్తకంలో ఉంది. స్పెక్ట్రోమీటరు ముందు కూర్చున్న కుర్రవాడికి 6120 వచ్చిందనుకోండి. వాడేం చేస్తాడు? ప్రిజమ్ సరిగా ఉందా, స్లిట్ వెడల్పుగా ఉందా, వెర్నియర్ తప్పు చదివానా అని చూస్తాడా? చూడడు. 5893 నుంచి వెనక్కి లెక్కకట్టి, అందుకు కావలసిన కోణాలు తయారుచేసి, చక్కని చేతివ్రాతతో పట్టికలో నింపుతాడు. మేమూ అదే చేశాం. మాకు ముందు చదివినవాళ్ళూ అదే చేశారు. 5891 రాసినవాడికి ఇరవైకి పందొమ్మిది, 6120 నిజాయితీగా రాసినవాడికి పదకొండు. మార్కులు ఆ లెక్కన పడుతున్నప్పుడు కుర్రవాణ్ణి ఒక్కణ్ణే అని ఏం లాభం?

"అందరూ చేసేదే కదా, దీనికింత రాద్ధాంతమా?" అంటారా? అయితే విశ్వాన్ని కొలిచే పెద్దమనుషులు ఏం చేస్తున్నారో చూడండి.

రాత్రిపూట దూరాన ఒక దీపం కనిపిస్తే అది ఎంత దూరంలో ఉందో చెప్పాలంటే, ఆ దీపం అసలు శక్తి ఎంతో తెలిసి ఉండాలి. దూరం రెట్టింపయితే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది. సూత్రం అంతే. ఆకాశంలో అలాంటి తెలిసిన దీపాలు కావాలి. 1912లో హెన్రియెటా లీవిట్ అనే మహిళ సెఫీడ్ నక్షత్రాలలో ఒకటి కనిపెట్టింది: వెలుగు పెరిగి తగ్గటానికి ఎక్కువ కాలం తీసుకునే నక్షత్రం ఎక్కువ ప్రకాశవంతమైనదని. దాన్ని పట్టుకుని ఎడ్విన్ హబుల్ గెలాక్సీల దూరాలు కొలిచి, విశ్వం వ్యాకోచిస్తున్నదని 1929లో ప్రకటించాడు. వ్యాకోచవేగానికి ఆయన చెప్పిన అంకె సుమారు 500. అంటే మెగాపార్సెక్ దూరానికి, దాదాపు 32 లక్షల 60 వేల కాంతి సంవత్సరాలకు, సెకనుకు 500 కిలోమీటర్లు. ఆ లెక్కన విశ్వం వయస్సు 200 కోట్ల సంవత్సరాలు. రేడియోధార్మికత ప్రకారం భూమి వయస్సే అంతకంటె ఎక్కువ! తల్లికన్న పిల్ల పెద్దదయింది. సెఫీడ్‌లలో రెండు జాతులున్నాయనీ, వాటిని కలిపేసి కొలుస్తున్నారనీ 1952లో వాల్టర్ బాడే తేల్చేసరికి దూరాలన్నీ ఒక్కసారిగా దాదాపు రెట్టింపయ్యాయి. గెలాక్సీలు ఉన్నచోటనే ఉన్నాయి, మారింది మన దీపం శక్తి లెక్క.

తరువాత 1970లలో సాండేజ్ 50కి కాస్త పైన అన్నాడు, ద వోకులర్ 100 అన్నాడు. ఇద్దరూ తమ తప్పు పదిశాతం చుట్టుపక్కలే ఉంటుందని రాసుకున్నారు. ఇద్దరూ ఉద్దండులే. ఒకరి అంకెకు మరొకరిది రెట్టింపు ఎలా అవుతుంది? రాసుకున్న పదిశాతంలో వాళ్ళకు తెలిసిన తప్పులే ఉన్నాయి, తెలియనివి లేవు.

ఇక సూపర్నోవాల కథ. ఇక్కడ వాడేది ఒకటి ఎ రకం. తెల్ల మరుగుజ్జు నక్షత్రం తన తోడు నక్షత్రం వల్ల బరువెక్కి, మన చంద్రశేఖర్ చెప్పిన 1.4 సూర్యుల హద్దు దగ్గరకు వచ్చి పేలిపోతుందని ప్రసిద్ధమైన వివరణ. వేరే దారులున్నాయని కూడా పరిశోధకులు వాదిస్తున్నారు. ఏ దారైనా ఇవన్నీ ఒకే వెలుగు ఇస్తాయనుకోవటం పొరపాటు. నెమ్మదిగా చల్లారేవి ఎక్కువ వెలుగునిస్తాయని 1993లో మార్క్ ఫిలిప్స్ చూపించాడు. ఆ సవరణ చేస్తేగాని ఒక్కొక్క పేలుడు దూరం ఏడెనిమిది శాతం లోపలికి రాదు. ఆ సవరణతోనే 1998లో రెండు బృందాలు, ఒకటి 16 దూరపు సూపర్నోవాలతో, మరొకటి 42తో, విశ్వవ్యాకోచం నెమ్మదించడం లేదనీ వేగం పుంజుకుంటున్నదనీ తేల్చాయి. 2011లో పెర్ల్‌మటర్, ష్మిట్, రీస్‌లకు నోబెల్ వచ్చింది.

ఇప్పుడు సూపర్నోవాల లెక్క వేలల్లోకి వెళ్ళింది. 2022లో వెలువడ్డ ఒక పట్టికలో 1550 ఉన్నాయి. సెఫీడ్‌లు, సూపర్నోవాల మెట్లెక్కి కొలిచినవారికి వ్యాకోచవేగం 73 వచ్చింది, అటూ ఇటూ ఒకటి. శైశవ విశ్వపు మైక్రోవేవ్ వెలుగును ప్లాంక్ ఉపగ్రహంతో కొలిచి లెక్కకట్టినవారికి 67.4, అటూ ఇటూ అర. ఇద్దరి మధ్య ఎనిమిది శాతం తేడా. మన ప్రాక్టికల్ పరీక్షలో అయితే ఎనిమిది శాతం తేడా వస్తే అటెండరు కూడా తల తిప్పడు! అక్కడ ఆ ఎనిమిది శాతం మీద పదేళ్ళకు పైగా నిద్రలేని తగవు. ఫిల్టరు ఏ రంగును ఎంత పంపింది, దారిలో ధూళి ఎంత మింగింది, కిక్కిరిసిన చుక్కల మధ్య సెఫీడ్ వెలుగులో పక్కచుక్క వెలుగు కలిసిందా? ఈ ఆఖరి అనుమానం తీర్చటానికి జేమ్స్ వెబ్ టెలిస్కోపుతో మళ్ళీ చూశారు. తగవు తీరలేదు. 2025లో డెసి అనే సర్వే గెలాక్సీల కొలతలను సూపర్నోవాలతో కలిపి, కృష్ణశక్తి కాలంతో మారుతున్నదేమో అన్న సూచన ఇచ్చింది. ఆ సూచన బలం ఏ సూపర్నోవా పట్టిక కలిపామన్న దాన్నిబట్టి 2.8 సిగ్మా నుంచి 4.2 సిగ్మా దాకా మారుతుంది. విశ్వ భవిష్యత్తు పట్టికలోని అంకెల శుద్ధి మీద ఆధారపడి ఉంది.

మనకు పనికివచ్చే సంగతి ఇంకొకటుంది. డార్క్ ఎనర్జీ సర్వే వారు తమ అయిదేళ్ళ సూపర్నోవా ఫలితాన్ని 2024లో ప్రకటించారు. పని పూర్తయ్యేవరకు ఆ జవాబును తమ నుంచి తామే దాచుకున్నారు. కళ్ళకు గంతలు కట్టుకున్నట్టన్నమాట. సవరణలన్నీ ముగిసి, ఇక ఏదీ మార్చం అని ఒట్టు పెట్టుకున్నాకనే మూత తీశారు. ఎందుకని? "కావలసిన" జవాబు కనిపించగానే తప్పులు వెతకటం ఆపేస్తామన్న భయం. అంత చదువుకున్నవారు తమను తాము నమ్మలేదు. మనం మాత్రం జవాబును ఎదురుగా పెట్టుకుని రీడింగులు వండుకుంటున్నాం.

ఇదంతా అమెరికావాళ్ళ గొప్ప అనుకోవద్దు. 1901లో నవాబు జాఫర్ జంగ్ మొదలుపెట్టిన హైదరాబాదు నిజామియా వేధశాల, అంతర్జాతీయ ఆకాశపటానికి తన వంతుగా ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలు కొలిచి ఇచ్చింది. గాజుపలకల మీది చుక్కల్ని సూక్ష్మదర్శినితో ఒక్కొక్కటీ కొలవటం ఎంత విసుగు పనో ఆలోచించండి. అక్కడే పెరిగి నిజాం కాలేజీలో చదివిన వైను బప్పు, కాల్షియం గీత వెడల్పును బట్టి నక్షత్రం అసలు వెలుగు చెప్పవచ్చని విల్సన్‌తో కలిసి 1957లో చూపించాడు. అదీ దూరం కొలిచే దీపమే.

ఇక పళ్ళ సంగతికి వస్తాను.

మిర్యాలగూడ చుట్టుపక్కల వడ్లు అమ్ముడుపోయాకనే జనానికి పన్నునొప్పి గుర్తొస్తుంది. నాట్ల రోజుల్లో క్లినిక్కులో ఈగలు తోలుకుంటాం, ఆ తర్వాత కాలు పెట్టే సందుండదు. అపాయింట్‌మెంట్ అంటే నవ్వుతారు, "బస్సెక్కి వచ్చినం డాక్టరమ్మా, పీకి పంపియ్యి" అంటారు. అప్పులు, కరెంటు, కాంపౌండరు సెలవులు, ఇవన్నీ ఏ దుకాణంలోనైనా ఉండేవే. అసలు కథ వేరు.

కొన్నేళ్ళ క్రితం మా దగ్గర వేసిన సిమెంట్లు, అదే పంటిరంగు కాంపోజిట్ ఫిల్లింగులు, మూడు నాలుగు నెలలకే ఊడి వస్తున్నాయి. అక్క తన చేతిని అనుమానించింది, తర్వాత సరుకును, తర్వాత రోగి తిన్న జొన్నరొట్టెను. ఆ పదార్థం గట్టిపడాలంటే నీలికాంతి పడాలి. చదరపు సెంటీమీటరుకు కనీసం నాలుగు వందల మిల్లీవాట్లయినా ఉండాలని మామూలుగా చెబుతారు. దీపం కొసను కాస్త దూరం జరిపితే బలం తగ్గుతుంది. పాతబడితే ఇంకా తగ్గుతుంది. కంటికి మాత్రం నీలంగా, నిండుగానే కనిపిస్తుంది. హైదరాబాదు నుంచి ఒక మిత్రుడి కొలతయంత్రం తెప్పించి పెట్టి చూస్తే 180!

"లైటు రోజూ చూస్తున్నమని పుస్తకంల రాస్తున్నరు గదరా?" అంది అక్క. పుస్తకం తెరిచింది. ప్రతిరోజు తేదీ, ఎదురుగా "ఓకే". నా చేతివ్రాతే. ఆ రోజు మంగళవారం. శనివారం దాకా "ఓకే"లు రాసి ఉన్నాయి.

అక్క ఏమీ అనలేదు. అదే ఎక్కువ బాధ. దీపం అసలు శక్తి తెలియకుండా దూరం కొలవకూడదని ఎమ్మెస్సీ పరీక్షలో నాలుగు పేజీలు రాసినవాణ్ణి నేను.

ఫిల్లింగులు వేయించుకున్నవారిని పిలిచి ఉచితంగా మళ్ళీ వేద్దామనుకున్నాం. రిజిస్టరులో పేరు, "సిమెంటు", పైసలు ఇంతే ఉన్నాయి. ఏ పన్ను, ఏ రోజు, ఏ సరుకు? లేదు. సగంమందికి ఫోను నంబరు కూడా లేదు. దొరికినవారిని పిలిచాం. నిడమనూరు అవతలి ఊరి నుంచి కూలికి పోయే ఒకామె వచ్చింది. "మళ్ళ పైసలియ్యాల్నా సారూ?" అని గుమ్మం దగ్గరే ఆగి అడిగింది. అక్కర్లేదన్నాను. "మరి కూలి పాయె గద" అంది. ఆ రోజు కూలి ఇచ్చి పంపాం. దొరకనివారి సంగతేమిటో ఇప్పటికీ తెలియదు.

చెప్పదలచుకున్న మూడో సంగతి మన జిల్లాది. నల్లగొండ అనగానే గారపండ్లు, వంగిన కాళ్ళు గుర్తొస్తాయి. నాగపూరు నీరి సంస్థవారు 1970లలో పటిక, సున్నంతో నీటిలోని ఫ్లోరైడు తీసే పద్ధతికి మన జిల్లా పేరే పెట్టారు, నల్లగొండ టెక్నిక్ అని. లీటరుకు ఒక మిల్లీగ్రాము ఉంటే మంచిది, ఒకటిన్నర దాటకూడదు అని ప్రమాణం. పళ్ళ మీది గారను 1942లో అమెరికా డాక్టరు ట్రెండ్లీ డీన్ ఆరు మెట్లుగా విభజించాడు: మామూలు, అనుమానం, అతిస్వల్పం, స్వల్పం, మధ్యస్థం, తీవ్రం. వినటానికి సులువే. ఒక స్కూలు క్యాంపులో అక్క, ఆమె జూనియరు డాక్టరు అవే పిల్లల్ని విడివిడిగా చూసి రాస్తే చాలాచోట్ల ఒక మెట్టు తేడా వచ్చింది. రెండు వారాల తర్వాత పేర్లు తీసేసి ఫొటోలు ఇస్తే అక్క అంకెకు అక్క అంకే సరిపోలేదు!

అయితే ఏమిటంటారా? పంటిమీది పింగాణీపొర చిన్నతనంలోనే తయారవుతుంది. ఎనిమిదేళ్ళ పిల్ల ముందుపన్ను మీద మచ్చ, ఆ పిల్ల మొదటి నాలుగైదేళ్ళలో తాగిన నీటి సాక్ష్యం. దూరపు సూపర్నోవా వెలుగు పాతకాలపు విశ్వాన్ని చూపినట్టే. మిషన్ భగీరథ 2016లో మొదలయింది. ఆ తర్వాత ఒకటి రెండేళ్ళకు పుట్టిన పిల్లలకు సరిగ్గా ఇప్పుడు శాశ్వతదంతాలు వస్తున్నాయి. కృష్ణనీళ్ళు నిజంగా గొంతులోకి దిగాయా, లేక ఇంట్లో వంటకు ఇంకా బోరునీళ్ళేనా, ఆ పళ్ళే చెబుతాయి. ఫ్లోరోసిస్ పోయిందనేవారూ ఉంటారు, ఎక్కడ పోయిందనేవారూ ఉంటారు. ఇద్దరూ జవాబు ముందే పెట్టుకున్నవారు. ఒక మెట్టు తేడాతో ఏ వాదాన్నయినా నెగ్గించవచ్చు.

అందుకని విద్యార్థి సంఘానికి నా సూచన. ఈ ఏడాది ఎన్.ఎస్.ఎస్. క్యాంపు ఫ్లెక్సీలు, మెమెంటోల ఖర్చు కొంత తగ్గించుకుని, మా వైపు నాలుగు ఊళ్ళు తీసుకోండి. కెమిస్ట్రీవాళ్ళు ప్రతి నీటిసీసాకు గుర్తు మాత్రమే ఉంచి, ఊరు పేరు తెలియనివారి చేత ఫ్లోరైడు చూపించాలి. తెలిసిన ద్రావణం సీసాలు కొన్ని మధ్యలో కలపాలి. పిల్లల పళ్ళ ఫొటోలు, తల్లిదండ్రుల అనుమతితో, పేరూ ఊరూ లేకుండా ఇద్దరు డాక్టర్లు విడిగా చూడాలి. స్టాటిస్టిక్స్‌వాళ్ళు చివరిదాకా మూత తీయకూడదు. వచ్చిన అంకె ఏదైనా వచ్చే సంచికలో అచ్చువేయండి, తప్పు ఎంత ఉండవచ్చో పక్కనే వేయండి. లెక్చరర్లు ఆ పనికి ప్రాక్టికల్ మార్కులు ఇస్తామంటే ఇంకా మంచిది, 6120 వచ్చి ఎందుకొచ్చిందో చెప్పగలిగిన కుర్రవాడికి కూడా.

అక్కను అడిగాను. "ఆదివారాలైతే వస్త. ఫొటోల మీద పేర్లు నువ్వు తియ్యకు, వాళ్ళ పిల్లల్నే తియ్యమను" అంది. మిర్యాలగూడ నుంచి నిడమనూరుకు బస్సు సదుపాయం ఉంది. మధ్యాహ్నం భోజనం మా మామ ఇంట్లో.