సేవ చేయడానికి జర్మనీ దాకా ఎందుకు?

ఎమ్మెస్‌కి కాదు, ఉద్యోగానికీ కాదు, అయినా విదేశం వెళ్తానని పిల్లలు అంటే మన ఇళ్లలో పెద్దవాళ్లకి ఓ పట్టాన మింగుడుపడదు. "మరైతే దేనికి?" అంటారు. "వాలంటీర్‌గా, ఒక్క ఏడాది" అన్నామా, మొహం ఇంకా చిట్లిస్తారు. అంత పోసి చదివించింది పరాయి దేశంలో ఊడిగం చేయడానికా అన్న మాట ఎవరో ఒకరి నోట్లోంచి వచ్చి తీరుతుంది. నన్నడిగితే ఇది పిల్లలకి, అందులోనూ ఆడపిల్లలకి, దొరికితే వదులుకోకూడని అవకాశం. కాకపోతే నాది ఒకటే పట్టింపు. ఖర్చు పంపేవాళ్లో పిలిచేవాళ్లో పెట్టుకోవాలి. మన పిల్ల దగ్గరే డబ్బు పుచ్చుకుని మన పిల్ల చేత సేవ చేయించే వాళ్ల గడప తొక్కకూడదు.

మా అక్క వాళ్లింట్లో మూడు నెలలుగా ఇదే గొడవ. అక్క కూతురు బీఎస్సీ అయ్యాక కాకినాడలో ఓ ల్యాబ్‌లో పనిచేస్తూ, రాత్రిళ్లు ఆన్‌లైన్‌లో జర్మన్ నేర్చుకుంది. బి1 పరీక్ష కూడా పాసైంది. ఇప్పుడు అక్కడ వృద్ధాశ్రమంలో ఓ ఏడాది వాలంటీర్‌గా చేస్తానంటోంది. అక్క నాకు ఫోన్ చేసి, "నా మాట ఎలాగూ వినదు, నువ్వైనా చెప్పవే. ముసలాళ్ల డైపర్లు మార్చడానికి అంత దూరం పోవాలా? రేపు సంబంధాలు చూసేటప్పుడు ఏమని చెప్పుకోవాలి?" అంది. నేను చెప్పాల్సింది పిల్లకి కాదు, అక్కకే అని నాకు అప్పుడే తెలిసిపోయింది. అక్క అత్తగారు, ఎనభై దాటినావిడ, మంచం మీంచే ఇంకో ప్రశ్న వేశారు. "అక్కడి ముసలాళ్లకి పిల్లల్లేరటే?"

ఉన్నారు. ఉద్యోగాలు చేసుకుంటూ వేరే ఊళ్లలో ఉన్నారు, ఇప్పుడు మన ముసలాళ్ల పిల్లలు ఉన్నట్టే. కానీ ఆ దేశంలో ఒక విషయం నాకు భలే నచ్చింది. అప్పట్లో పశ్చిమ జర్మనీలో మగపిల్లలు తప్పనిసరిగా సైన్యంలో కొంతకాలం చేయాలి. తుపాకీ పట్టడానికి మనసొప్పదు అన్నవాళ్లకి 1961 నుంచి ఇంకో దారి ఉండేది. దాని పేరు త్సివిల్‌డీన్‌స్ట్. అంటే సైన్యానికి బదులు ఆసుపత్రుల్లో, వృద్ధాశ్రమాల్లో, వికలాంగుల కేంద్రాల్లో పని. యాభై ఏళ్లపాటు, 2011లో నిర్బంధ సైనిక సేవ ఆపేసేదాకా, ఏటా వేలకి వేల మంది కుర్రాళ్లు అలా ముసలమ్మలకి అన్నం తినిపించారు, చక్రాల కుర్చీలు తోశారు, బెడ్‌పాన్లు కడిగారు. పద్ధెనిమిదీ పందొమ్మిదేళ్ల మగపిల్లలండీ! నేను ఈ సంగతి చెప్తే అక్క కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "మీ బావగారికి వినపడేట్టు చెప్పు" అంది.

ఆ నిర్బంధం పోయాక ఆ చేతులన్నీ ఒక్కసారి ఖాళీ అయిపోకుండా, 2011 జూలై 1 నుంచి బుండెస్‌ఫ్రైవిలిగెన్‌డీన్‌స్ట్ అని కొత్త పథకం పెట్టారు. నోరు తిరగదు కాబట్టి అందరూ బీఎఫ్‌డీ అంటారు. దానికి ముందు 1964 నుంచే చట్టంతో నడుస్తున్న ఎఫ్‌ఎస్‌జే అనే సామాజిక సేవా సంవత్సరం కూడా ఉంది. మామూలుగా ఒక ఏడాది, తక్కువలో తక్కువ ఆరు నెలలు. ఎఫ్‌ఎస్‌జేకి 27 ఏళ్లలోపు ఉండాలి. బీఎఫ్‌డీకి పై వయసు పరిమితి లేదు, అరవై దాటినవాళ్లూ చేస్తారు. (నా వైపు అలా చూడకండి, మా వారికి ఇంకా చెప్పలేదు.) వేరే దేశాల పిల్లలకి కూడా వీసా మీద చోటుంది, జర్మన్ కొంతైనా రావాలి.

ఇందులో నన్ను పట్టుకున్నది పథకం పేరూ కాదు, దేశమూ కాదు. చట్టంలో రాసిపెట్టిన చిన్న చిన్న విషయాలు. వాలంటీరుకి నెల నెలా చేతిఖర్చు ఇవ్వాలి. అది జీతం కాదు, కొన్ని వందల యూరోలు. ఆరోగ్య బీమా, ప్రమాద బీమా, చివరికి పింఛను చందా కూడా పని ఇచ్చినవాళ్లే కడతారు. ఏడాదికి నాలుగు వారాలైనా సెలవు. 27 ఏళ్లలోపు వాళ్లకి ఏడాదిలో 25 రోజులు సెమినార్లు, అంటే తోటి వాలంటీర్లతో కూర్చుని చేసిన పని గురించి మాట్లాడుకోవడం, నేర్చుకోవడం. అవీ పని రోజుల కిందే లెక్క. చివర్లో చేతికి సర్టిఫికెట్. ఇంకొకటి, వాలంటీరుని చూపించి అక్కడ జీతానికి పనిచేసే మనిషిని తీసేయకూడదు.

ఇప్పుడు మన సంగతి చూడండి. మా అత్తగారు పక్షవాతం వచ్చి రెండేళ్లు మంచాన ఉన్నారు. ఆవిడకి స్నానం, తిండి, పక్క మార్చడం, రాత్రి రెండింటికి లేచి మంచినీళ్లు, అన్నీ నేనే. ఇష్టంగానే చేశాను, ఆవిడ నాకు తల్లిలాంటిది. కానీ ఆ రెండేళ్లలో నాకు ఒక్క సెలవు రోజు ఉందా? ఒక్క గంట ఎవరైనా కూర్చోబెట్టి, "నీకెలా ఉందమ్మా, నడుం నొప్పి రాకుండా మనిషిని ఇలా లేపాలి" అని చెప్పారా? డాక్టరుగారు మందులు రాసిచ్చేవారు, అంతే. ఇంట్లో ఆడది చేస్తే అది ధర్మం, దానికి వేళాపాళా ఉండదు. అదే పని బయటివాళ్లకి చేస్తే ఊడిగం, పరువు తక్కువ. ఈ రెండు మాటలూ ఒకే నోటినుంచి వస్తాయి. మా అక్క కూతురు వెళ్లే చోట అదే పనికి వారానికి ఇన్ని గంటలని కాగితం మీద ఉంటుంది. సేవకి కూడా గంటలూ, సెలవులూ ఉండొచ్చని ఆ పిల్ల ఇరవై రెండేళ్లకే చూసి వస్తే, రేపు తన సంసారంలో ఎంత తేడా వస్తుందో ఆలోచించండి. నేను ఆ పిల్ల వైపు నిలబడ్డది ముఖ్యంగా ఇందుకే.

సరే, డబ్బు దగ్గరికి వద్దాం, మన ఆడవాళ్లం చూడాల్సింది అక్కడే. అక్క వాళ్లు వాకబు చేయడానికి ఒక కన్సల్టెన్సీకి వెళ్లారు. పేరెందుకులెండి. వాళ్లు "ప్లేస్‌మెంట్, డాక్యుమెంటేషన్" అని రెండున్నర లక్షలు అడిగారు. అవతలివాళ్లు ఎదురు చేతిఖర్చు ఇచ్చే పనికి మనం రెండున్నర లక్షలు కట్టడమేమిటి? వృద్ధాశ్రమాలు, వాటిని నడిపే సంస్థలు వాలంటీర్లు కావాలని తమ వెబ్‌సైట్లలోనే పెట్టుకుంటాయి. పిల్ల బి1 జర్మన్‌తో తనే ఉత్తరాలు రాసుకుంది, తొమ్మిది చోట్లకి రాస్తే రెండు చోట్ల నుంచి వీడియో కాల్‌కి పిలిచారు. ఆమాత్రం ఉత్తరం రాసుకోలేని జర్మన్‌తో వెళ్తే అక్కడ ముసలాయన "దాహం" అంటే ఏం అర్థమవుతుంది?

అలాగని అంతా ఉచితం అనుకుని బయల్దేరకూడదు. నేరుగా బీఎఫ్‌డీకో ఎఫ్‌ఎస్‌జేకో వెళ్తే విమానం టికెట్టు సాధారణంగా మనదే. గది, భోజనం కొన్ని చోట్ల ఇస్తారు, కొన్ని చోట్ల బదులు డబ్బిస్తారు, కొన్ని చోట్ల ఏదీ ఇవ్వరు. గది ఇవ్వని చోటికి వెళ్తే ఆ చేతిఖర్చు అద్దెకే సరిపోదు. అందుకని ఒప్పందం కాగితంలో మొదట వెతకాల్సింది గది సంగతి. అక్క కూతురికి వచ్చిన రెండిట్లో ఒకటి ఇలాగే వదిలేయమన్నాను.

టికెట్టుతో సహా ఖర్చు పెట్టుకునే దారి ఇంకొకటుంది, వెల్ట్‌వేర్ట్స్ అని. 2008లో జర్మనీ ప్రభుత్వం తన పిల్లల్ని, 18 నుంచి 28 ఏళ్ల వాళ్లని, మనలాంటి దేశాలకి పంపడానికి మొదలుపెట్టింది. ఖర్చులో ఎక్కువ భాగం ప్రభుత్వానిది, మిగతాది పంపే సంస్థలు చందాలు పోగేసి సర్దుతాయి. "మీ పిల్లలు మా దగ్గరికి వచ్చి నేర్చుకుంటున్నారు సరే, మా పిల్లలు మీ దగ్గరికి రావద్దా?" అన్న ప్రశ్న రావడంతో తర్వాత ఎదురు దారి కూడా తెరిచారు. కాకపోతే దానికి ఇక్కడ ఏదైనా భాగస్వామి సంస్థ ద్వారానే వెళ్లాలి, చోట్లు తక్కువ. యూరోపియన్ సాలిడారిటీ కోర్ అని ఇంకోటి వింటారు. 18 నుంచి 30 ఏళ్ల వాళ్లకి ప్రయాణం, బస, తిండి, చేతిఖర్చు, బీమా అన్నీ ఇస్తుంది. కానీ అది యూరప్ పిల్లలకి, ఆ చుట్టుపక్కల దేశాల వాళ్లకి. "మేం ఇప్పిస్తాం" అని ఎవరైనా మన ఊళ్లో అంటే పర్సు మూసేసుకోండి.

అమెరికాలో పుట్టిన మన పిల్లలకైతే పీస్ కోర్ ఉంది. 1961లో కెనెడీ మొదలుపెట్టింది, అమెరికా పౌరులకి మాత్రమే, శిక్షణతో కలిపి 27 నెలలు, ఖర్చంతా ప్రభుత్వానిదే. పీస్ కోర్ అంటే నాకు గుర్తొచ్చేది మాత్రం కుర్రాళ్లు కాదు, జిమ్మీ కార్టర్‌గారి తల్లి లిలియన్ కార్టర్. ఆవిడ 1966లో, 68 ఏళ్ల వయసులో, భర్త పోయాక, నర్సుగా మన ముంబై పక్కన విక్రోలీ వచ్చి దాదాపు రెండేళ్లు పనిచేసి వెళ్లారు. అప్పటికి కొడుకు ఇంకా ప్రెసిడెంటు కాలేదు. ఆ వయసులో మన ఇళ్లలో అయితే తీర్థయాత్రకి పంపడానికే వంద ఆలోచిస్తాం.

సొంత డబ్బు కట్టి వెళ్లే "సేవ" మీద నాకు అంత కోపం ఎందుకో కూడా చెప్పాలి. రెండు వారాలు, మూడు వారాలు నేపాల్‌లోనో కంబోడియాలోనో అనాథాశ్రమంలో పిల్లలకి ఇంగ్లీషు చెప్పి రావచ్చని ప్యాకేజీలు అమ్ముతారు. కాలేజీ పిల్లలు ఫోటోల కోసం, రెజ్యూమేలో ఓ లైను కోసం కడతారు. ఆ ఆశ్రమాల్లో ఉన్న పిల్లల్లో చాలామందికి తల్లో తండ్రో బతికే ఉన్నారని యునిసెఫ్ లాంటి సంస్థలు ఏళ్ల తరబడి చెప్తున్నాయి. డబ్బు కట్టే అతిథులు వస్తూ ఉంటే, చూపించడానికి పిల్లలు కావాలి కదా. బీద ఇళ్లలోంచి చదువు పేరు చెప్పి తీసుకొస్తారు. 2017లో ఆస్ట్రేలియా పార్లమెంటు కమిటీ ఆధునిక బానిసత్వం గురించి విచారిస్తూ ఈ అనాథాశ్రమ పర్యాటకాన్ని కూడా అందులో చేర్చి మాట్లాడింది. పిల్లల్ని కన్నవాళ్లం, ఆలోచించండి. రెండు వారాలకోసారి కొత్త అక్క వచ్చి ముద్దు చేసి వెళ్లిపోతుంటే ఆ పసివాళ్ల మనసు ఏమవుతుంది? డబ్బు ఎటునుంచి ఎటు పోతోందో చూస్తే చాలు, ఎవరికోసం ఎవరు వెళ్తున్నారో తెలిసిపోతుంది.

ఇక అక్క అసలు బెంగ, సంబంధాలు. ఏడాది ఆలస్యమైతే సంబంధాలు రావా? ఎమ్మెస్ అని రెండేళ్లు, నలభై లక్షల అప్పుతో పంపితే ఈ ప్రశ్న ఎవరూ అడగరు. వృద్ధాశ్రమంలో పనిచేసిందని వద్దనే ఇల్లు, రేపు అత్తగారు మంచాన పడితే మాత్రం కోడలే చూడాలంటుంది. అలాంటి ఇంటివాళ్లు వాళ్లంతట వాళ్లే తప్పుకుంటే మనకి పెళ్లిచూపుల టిఫిను ఖర్చు మిగులుతుంది.

కష్టాలు లేవని అనను. నవంబరు నుంచి అక్కడ సాయంత్రం నాలుగున్నరకే చీకటి. కొన్ని చోట్ల మనుషులు చాలక వాలంటీరు మీదే పని తోసేస్తారని అక్కడివాళ్లే అంటారు. చట్టంలో ఉన్నదీ వార్డులో జరిగేదీ ఒకటి కాకపోవచ్చు. అందుకే వెళ్లేముందు అక్కడ ఇప్పుడు చేస్తున్న వాలంటీరుతో ఒక్కసారి మాట్లాడించమని ఆశ్రమాన్ని అడగమన్నాను. మాట్లాడించని చోటికి వెళ్లక్కర్లేదు. మనుషులు పోతారు కూడా. ఆరు నెలలు అన్నం తినిపించిన ముసలావిడ ఒక రోజు పొద్దున్న మంచం మీద ఉండదు. దానికి పిల్ల సిద్ధపడాలి, మనం ఫోను ఎత్తడానికి సిద్ధంగా ఉండాలి. ఏడాది అయ్యాక అక్కడే నర్సింగ్ శిక్షణలో చేరేవాళ్లున్నారు, తిరిగొచ్చేవాళ్లున్నారు. అది అప్పుడు తేలే విషయం. ముందే "సెటిలైపోతుంది" అని లెక్కలు వేసుకుని పంపొద్దు.

ఇవన్నీ ఆడపిల్లకే చెప్పడం నాకు నచ్చక, మా తోడికోడలి కొడుకు, ఇంటర్ రెండో సంవత్సరం వాడు, వాడికి కూడా ఆ కాగితాలు వాట్సాప్‌లో పంపాను. "నేనా పిన్నీ, ముసలాళ్లకి స్నానం చేయించడమా?" అని నవ్వే బొమ్మలు నాలుగు పెట్టాడు. జర్మనీ కుర్రాళ్ల కథంతా చెప్పాను. ముందు మన తాతయ్యకి గడ్డం గీయడంతో మొదలుపెట్టమన్నాను. ఈ ఆదివారం గీశాడు, చెంప మీద ఒక్క గాటుతో సరిపెట్టాడు. వాడికి పద్ధెనిమిది నిండటానికి ఇంకా ఏడు నెలలుంది.