గళ్లు నింపడం దగ్గరే ఆగిపోదామా?



వార్షికోత్సవ సంచికకు ఏమైనా రాయమని కబురు వచ్చినప్పుడు మేము నలుగురం పాత విద్యార్థులం కూర్చుని ఆలోచించాం. కష్టపడి చదవండి, సెల్‌ఫోన్‌కు దూరంగా ఉండండి అని రాయడానికి పెద్దలు ఎలాగూ ఉన్నారు. మేము మాత్రం మాకు అన్నం పెడుతున్న పని గురించే రాద్దామనుకున్నాం. ఆ పని డేటాబేస్. ఇది సాఫ్ట్‌వేర్ వాళ్ల గొడవ అనుకుని పేజీ తిప్పేయకండి. మీ స్కాలర్‌షిప్‌కూ, మీ నాయిన పట్టా పాస్‌బుక్కుకూ సంబంధించిన సంగతి ఇది.

చిట్యాల హాస్టల్‌లో చదివి కంప్యూటర్ మీద బతుకుతున్నవాళ్లు ఇవాళ తక్కువేం లేరు. మీసేవ కేంద్రంలో, మండల ఆఫీసులో, ఆసుపత్రిలో, హైవే పక్క ఫ్యాక్టరీల గేటు దగ్గర, ఎక్కడికి పోయినా మనవాడు ఒకడు కీబోర్డు ముందు కనబడతాడు. చేసే పని మాత్రం చాలావరకు ఒకటే: ఎంట్రీ. 2014 ఆగస్టు 19న సమగ్ర కుటుంబ సర్వే జరిగినప్పుడు, 2024 నవంబరులో కులగణన ఇంటింటి సర్వే మొదలైనప్పుడు గుట్టలకొద్దీ ఫారాలు కంప్యూటర్లలోకి ఎక్కింది ఇలాంటి చేతుల మీదుగానే. ఆ పనిని మేము చిన్నచూపు చూడడం లేదు. ఒక అంకె తప్పు పడితే ఒక ఇంటి బియ్యం ఆగిపోతాయి, అంత బాధ్యత ఉంది అందులో. కానీ గళ్లు ఎన్ని ఉండాలి, ఏ గడి ఖాళీగా వదలొచ్చు, ఏ గడిని ఏ గడితో కలిపి చూడాలి అని నిర్ణయించే కుర్చీలో మనవాళ్లు తక్కువ. ఇంటర్ దాటేలోపే మన పిల్లలు టేబుల్ గీయడం, దాన్ని ప్రశ్న అడగడం నేర్చుకోవాలని మా అభిప్రాయం. అందుకు అమీర్‌పేట దాకా పోనక్కరలేదు. మన హాస్టల్ రిజిస్టర్లు చాలు.

ఒక్క గడి ఎంత పని చేస్తుందో భూమి లెక్కల్లో చూడండి. పాత పహాణీలో పట్టాదారు పేరుకు ఒక గడి, అనుభవదారు పేరుకు ఇంకో గడి ఉండేవి. భూమి ఎవరి పేరున ఉంది, దున్నుతున్నది ఎవరు అనేవి రెండు వేర్వేరు ప్రశ్నలని ఆ పహాణీ గీసినవాళ్లకు తెలుసు. 2017లో మొదలైన భూ రికార్డుల ప్రక్షాళన తరవాత, 2020 అక్టోబర్ 29న ప్రారంభమైన ధరణిలో ఆ అనుభవదారు కాలమ్ లేకుండా పోయింది. అది కంప్యూటర్ చేసిన పొరపాటు కాదు, తెలిసి తీసుకున్న నిర్ణయం. ఆ గడిని అడ్డం పెట్టుకుని పట్టాదారును సతాయించేవాళ్లు ఉంటారు కాబట్టి తీసేయడమే మంచిదని వాదించినవాళ్లూ ఉన్నారు. వాళ్ల వాదన ఏదైనా కానీ, కౌలుకు చేసుకునేవాడి పేరు రాసే చోటే లేనప్పుడు "ఈ ఊళ్లో కౌలు రైతులు ఎందరు?" అని ఆ టేబుల్‌ను ఎవరు అడిగినా జవాబు రాదు. సున్నా అని కూడా రాదు, ఆ ప్రశ్న అడగడానికే వీలుండదు. 2018 మే నెలలో మొదలైన రైతుబంధు సొమ్ము పట్టాదారులకే అందింది, కౌలుదార్లకు అందలేదు. 2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో భూ భారతి వచ్చింది. ఏ పార్టీ చేసింది మంచి అన్న చర్చ ఈ పేజీల్లో వద్దు. గడి ఉండాలా వద్దా అని మాట్లాడుకున్న గదిలో కౌలుకు దున్నే ఇంటి పిల్లవాడు ఒక్కడైనా కూర్చుని ఉండాల్సింది అన్నదే మా బాధ.

అసలు ఈ టేబుళ్ల పద్ధతి ఎట్లా వచ్చిందో నాలుగు మాటలు చెప్పాలి. 1984లో రద్దయ్యేదాకా మన ఊళ్లలో పట్వారీ ఉండేవాడు, ఆయన ఇంట్లో దస్తరం ఉండేది. ఏ మూటలో ఏ కాగితం ఉందో ఆయనకే ఎరుక. ఏం అడగాలన్నా ఆయన గడప తొక్కాల్సిందే. 1960లలో కంప్యూటర్లలో కూడా దాదాపు ఇదే తీరు నడిచింది. సమాచారాన్ని ఏ దారిన దాచారో తెలిసిన ప్రోగ్రామర్ మాత్రమే దాన్ని బయటికి తీయగలిగేవాడు. 1970లో ఐబీఎం కంపెనీలో పనిచేసే ఎడ్గార్ కాడ్ అనే ఆయన, లెక్కల చదువు చదివినవాడు, ఒక వ్యాసం రాశాడు. సమాచారమంతా వరుసలు, నిలువు గళ్లు ఉన్న మామూలు పట్టికల్లో పెట్టాలని, ఒక పట్టికకూ ఇంకో పట్టికకూ సంబంధం అందులో రాసిన విలువల ద్వారానే ఉండాలని, అడిగేవాడు తనకేం కావాలో చెబితే చాలు, ఎట్లా వెతకాలో యంత్రం చూసుకోవాలని అందులో సారాంశం. 1974లో అదే ఐబీఎంలో డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయిస్ అనే ఇద్దరు అట్లా అడగడానికి సీక్వెల్ అనే భాష తయారుచేశారు. తరవాత దాని పేరే ఎస్‌క్యూఎల్ అయింది. 1981లో కాడ్‌కు ట్యూరింగ్ అవార్డు ఇచ్చారు. దస్తరం మూటలు ఎవరు కట్టినా, ప్రశ్న అడిగే భాష తెలిసిన ఎవరైనా విప్పి చూడొచ్చు అన్న ఏర్పాటు ఇది. యాభై ఏళ్లు దాటినా బ్యాంకులు, ప్రభుత్వ పథకాలు చాలావరకు దీని మీదే నడుస్తున్నాయి.

ఇప్పుడు మన హాస్టల్‌కే వద్దాం. వార్డెన్ సార్ బల్ల మీద అడ్మిషన్ రిజిస్టరు, హాజరు పట్టీ, సరుకుల స్టాక్ రిజిస్టరు, కాస్మెటిక్ చార్జీల రిజిస్టరు ఉంటాయి. కంప్యూటర్ నేర్చిన కొత్తలో ఎవరైనా చేసే పని ఇవన్నీ తెచ్చి ఒక పెద్ద ఎక్సెల్ షీట్‌లో పోయడం. పేరు, తండ్రి పేరు, ఊరు, మండలం, తరగతి, దుప్పటి ఇచ్చిన తేదీ, అట్లా అడ్డంగా నలభై కాలమ్‌లు. నెల తిరిగేసరికి తిప్పలు మొదలవుతాయి. వెలిమినేడు అని ఒకరు, వెల్మినేడు అని ఇంకొకరు కొడతారు, ఊరివారీ లెక్క తీస్తే ఒకే ఊరు రెండు ఊళ్లవుతుంది. ఒక పిల్లవాడు ఐదో తరగతిలో చేరి పదో తరగతి దాకా ఉంటే అతనికి ఆరు వరుసలు. వాళ్ల నాయిన ఫోన్ నంబరు మారితే ఆరు చోట్ల దిద్దాలి. ఐదు చోట్ల దిద్ది ఒకటి మరిచిపోతే, పిల్లవాడికి జ్వరం వచ్చిన రాత్రి ఆ ఒక్క నంబరుకే ఫోన్ పోతుంది.

దీనికి విరుగుడు ఒక్కటే. ఏ సంగతి దేని గురించో దాని దగ్గరే రాయాలి, ఒక్కచోటే రాయాలి. ఊళ్లకు ఒక టేబుల్: ఉరుమడ్ల, వట్టిమర్తి, గుండ్రాంపల్లి, పెద్దకాపర్తి, ఒక్కో ఊరు ఒక్కసారే, ఒక్కో కోడ్‌తో. విద్యార్థులకు ఒక టేబుల్, అందులో ఏడాదికోసారి మారని సంగతులు మాత్రమే. చేరికలకు వేరే టేబుల్: ఏ విద్యార్థి, ఏ సంవత్సరం, ఏ తరగతి. హాజరుకు ఇంకోటి: ఏ విద్యార్థి, ఏ తేదీ, ఏ పూట. పుస్తకాల్లో దీన్నే నార్మలైజేషన్ అంటారు. బీటెక్‌లోనూ బీకాం కంప్యూటర్స్‌లోనూ దీని మెట్లన్నీ బట్టీ పట్టించి పరీక్షలో రాయిస్తారు. మార్కులు వస్తాయి గానీ, అది దుప్పటి లెక్కకు పనికొచ్చే విద్య అని చాలామందికి ఉద్యోగంలో చేరేదాకా తెలియదు.

ఇంకో ఉదాహరణ మన నీళ్లది. ఫ్లోరైడ్ గురించి నల్లగొండ పిల్లలకు ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు. తాగేనీళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్న లెక్క ఉంది. ఊరి టేబుల్‌లో "ఫ్లోరైడ్" అని ఒక కాలమ్ పెడితే ఏమవుతుంది? ఊళ్లో బోర్లు నాలుగుంటే ఏ బోరుది రాయాలి? ఈ ఏడు పరీక్ష చేసి కొత్త అంకె వేస్తే పోయినేటి అంకె చెరిగిపోతుంది. కాబట్టి ఊరు వేరు, బోరు వేరు, పరీక్ష వేరు. మూడు టేబుళ్లు గీస్తేనే ఏ బోరులో ఏటేటా పెరుగుతోంది అని అడగగలం. డిజైన్ అంటే ఇదే, రేపు అడగబోయే ప్రశ్నను ఇవాళే ఊహించడం.

ఇక పేర్ల సంగతి. ఎస్సెస్సీ మెమోలో ఇంటిపేరు ముందుంటుంది, బ్యాంకు పుస్తకంలో వెనక్కి పోతుంది, ఆధార్‌లో పొడి అక్షరం అవుతుంది. మనిషి ఒక్కడే, కంప్యూటర్‌కు ముగ్గురు. మాకు తెలిసిన ఒక తమ్ముడు ఈ తేడా వల్ల ఒక ఆఫీసు చుట్టూ ఏడాది తిరిగాడు. "నీ పేరు మ్యాచ్ కావట్లేదు" అన్నారే తప్ప, పేరుతో మ్యాచ్ చేయడమే తప్పని అక్కడ ఎవరూ అనలేదు. రెండు టేబుళ్లను పేరుతో కలపకూడదు, ఎన్నడూ మారని, ఇంకొకరికి లేని గుర్తుతో కలపాలి. దాన్నే కీ అంటారు. ఈ-పాస్‌లో స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు పెట్టేటప్పుడు ఎస్సెస్సీ హాల్ టికెట్ నంబరు ఒక్కటే కాక, పాసైన సంవత్సరం, రెగ్యులరా సప్లిమెంటరీనా, పుట్టిన తేదీ కూడా అడుగుతుంది. ఇన్నెందుకని మీరు విసుక్కుని ఉంటారు. నంబర్లు ఏటా కొత్తగా వేస్తారు, అదే నంబరు మరో ఏడు మరొకరికి ఉండొచ్చు. నాలుగూ కలిస్తేనే మీరు మీరే. నాలుగు గళ్లు కలిసి ఒక కీ అయిన చోటు అది. ఈసారి నింపేటప్పుడు ఆ కన్నుతో చూడండి.

మేము అసలు చెప్పదలచుకున్నది మాత్రం జాయిన్ గురించి. అమీర్‌పేటలో ఒరాకిల్ నేర్చుకున్న ప్రతివాళ్లకూ రెండు టేబుళ్లు కంఠతా వచ్చు, ఎంప్, డెప్ట్. లాగిన్ స్కాట్, పాస్‌వర్డ్ టైగర్. స్కాట్ ఆ కంపెనీలో తొలినాళ్ల ఉద్యోగి, టైగర్ వాళ్లింటి పిల్లి పేరంటారు. మైత్రీవనం చుట్టుపక్కల గదుల్లో న్యూయార్క్, డల్లాస్, షికాగో, బోస్టన్ అంటూ ఆ పిల్లి పేరు కొట్టి మేమంతా నేర్చుకున్నాం. ఎంప్‌లో 14 మంది ఉద్యోగులు. ఎవరి మేనేజర్ ఎవరో తీయమని ఆ టేబుల్‌ను దానితోనే జాయిన్ చేస్తే 13 వరుసలే వస్తాయి. పోయినవాడు కింగ్, కంపెనీ అధ్యక్షుడు. అతని పైన ఎవరూ లేరు కాబట్టి జోడీ దొరకలేదు, జోడీ దొరకనివాణ్ని మామూలు జాయిన్ చెప్పాపెట్టకుండా వదిలేస్తుంది. క్లాసులో అందరం నవ్వుకున్నాం.

మన టేబుళ్లలో అట్లా జారిపోయేవాడు రాజు కాడు. హాస్టల్‌లో వంద మంది ఉన్నారు, తొంభై మూడు మందికి బ్యాంకు ఖాతాలున్నాయి అనుకోండి. విద్యార్థుల టేబుల్‌ను ఖాతాల టేబుల్‌తో మామూలుగా జాయిన్ చేస్తే తొంభై మూడు పేర్లతో చక్కని జాబితా వస్తుంది. అందులో ఖాళీ గడి ఒక్కటీ ఉండదు, తప్పు ఒక్కటీ ఉండదు. చూసిన అధికారి సంతోషంగా సంతకం పెడతాడు. ఏడుగురు ఏమయ్యారని ఆ కాగితం ఎవరికీ చెప్పదు. అదే లెఫ్ట్ అవుటర్ జాయిన్ అని రాస్తే వంద పేర్లూ వస్తాయి, ఆ ఏడుగురి పక్కన ఖాతా గడిలో నల్ అని పడుతుంది. తేడా ఒకటి రెండు మాటలే. తల్లిదండ్రులు వలస పోయినవాళ్లు, ఆధార్‌లో తేదీ తప్పున్నవాళ్లు, ఎవరూ లేనివాళ్లు ఎప్పుడూ ఆ ఏడుగురిలోనే ఉంటారు.

నల్ అంటే సున్నా కాదు, తెలియదు అనో, ఆ లెక్కే వర్తించదు అనో. ఎంప్ టేబుల్‌లోనే టర్నర్ అనే ఆయన కమీషన్ సున్నా, కింగ్ కమీషన్ నల్. ఒకరికి కమీషన్ ఉంది కానీ ఏమీ రాలేదు, ఇంకొకరికి ఆ లెక్కే లేదు. హాజరు పట్టీలో గైర్హాజరు గుర్తు వేరు, ఆ పూట హాజరే తీసుకోక వదిలేసిన గడి వేరు అని మీకు తెలుసు కదా, అంతే. ఖాళీలను సున్నాలుగా లెక్కపెట్టిన నివేదికలు మేము చాలా చూశాం, ఎక్కడన్నది ఇక్కడ వద్దు.

ఇంగ్లీషు రాదే అని భయపడే తమ్ముళ్లకు ఒక మాట. సెలెక్ట్, ఫ్రమ్, వేర్, జాయిన్, గ్రూప్ బై, ఆర్డర్ బై, ఇట్లా ఇరవై మాటలు వస్తే ఏడాది పని నడుస్తుంది. తెలుగు మీడియం అడ్డు కాదు. ఇప్పుడు ఏఐ ఆ ప్రశ్నలు కూడా రాసిపెడుతోంది కదా అని ఒక మిత్రుడు అన్నాడు. నిజమే, రాస్తోంది, బాగానే రాస్తోంది. అది ఇచ్చిన జాబితాలో తొంభై మూడే ఉన్నాయని పట్టుకోవాలంటే మొదట వంద మంది ఉన్నారని తెలిసినవాడు ఒకడు కావాలి.

కాబట్టి మా ప్రతిపాదన ఇది. వేసవి సెలవులు అయ్యాక ప్రతి ఆదివారం పొద్దున రెండు గంటలు స్టడీ హాల్లో కూర్చుందాం. మొదటి నెల కంప్యూటరే వద్దు, తెల్ల కాగితాల మీద టేబుళ్లు గీద్దాం, ఒకరు గీసినదాన్ని ఇంకొకరు తప్పుపడదాం. తరవాత మేము రెండు పాత కంప్యూటర్లు తెస్తాం. ఎస్‌క్యూలైట్, పోస్ట్‌గ్రెస్ లాంటివి ఉచితంగానే దొరుకుతాయి, మొదటిది ఫోన్‌లో కూడా నడుస్తుంది. నేర్చుకునేటప్పుడు ఉత్తుత్తి పేర్లే వాడాలి. తోటివాడి కులం, వాడి ఇంటి కష్టం మన ఫోన్లలో తిరగకూడదు.

చేయి తిరిగాక, వార్డెన్ సార్ అనుమతితో, అసలు రిజిస్టరు దగ్గర కూర్చుని అడగాల్సిన ప్రశ్న ఒకటి ఇప్పటికే రాసిపెట్టుకున్నాం. గడచిన ఐదేళ్లలో మన హాస్టల్‌లో ఉండి పదో తరగతి రాసినవాళ్లలో, ఆ తరవాత ఏ కాలేజీలో చేరినట్టూ మన దగ్గర వరుస లేనివాళ్లు ఎవరు, ఏ ఊరివాళ్లు? ఆ జాబితా చేతికొస్తే వాళ్ల ఇళ్లకు పోయి రావడానికి మాలో ఇద్దరికి బండ్లున్నాయి.