చలికాలపు పళ్లెం

సలాడ్ అనగానే కీరా, టమాటా ముక్కలే గుర్తొస్తాయి. అవి వేసవికి బాగుంటాయి. పొద్దున్నే చలి వణికించే ఈ జనవరిలో కడుపు నిండే సలాడ్ కావాలి. అందుకే ఈ సంచికలో దుంపలకు పెద్దపీట వేశాం.

చిలగడదుంప, క్యారెట్‌లను అంగుళం ముక్కలుగా తరగండి. బీట్‌రూట్ ఆలస్యంగా మగ్గుతుంది కాబట్టి ఇంకాస్త చిన్నగా తరగండి. నూనె, ఉప్పు, మిరియాల పొడి పట్టించి 200 డిగ్రీల ఓవెన్‌లో అరగంటకు పైగా కాల్చండి. ముక్కల్ని ఎడంగా పరచాలి. ఇరుకైతే ఆవిరికి ఉడుకుతాయే తప్ప కాలవు. అంచులు ఎర్రబడి, చిలగడదుంప తీపి పాకంలా ఊరితే బయటికి తీయండి. ఓవెన్ లేకపోతే మందపాటి ఇనుప పెనం చాలు.

గోరువెచ్చగా ఉన్నప్పుడు ఒలిచిన బత్తాయి తొనలు, వేయించిన పల్లీలు, కొత్తిమీర కలిపి నిమ్మకాయ పిండండి. పులుపు చివర్లోనే వేయాలి. వేడికి విటమిన్ సి తగ్గిపోతుంది. దుంపల తీపికి ఆ పులుపే ప్రాణం.

నల్గొండ బత్తాయి, అనంతపురం చీనీ మన తోటలవే. సంతల్లో తాజా దుంపలు విరివిగా దొరికే రోజులివి. ఈ వారమే చేసి ఇంటిల్లిపాదికీ పెట్టండి. ఎలా కుదిరిందో మాకు రాయండి.