పసుపు ప్లేటు మార్చిన కారు కొనవచ్చునా?

ఈ నెల మాకు అందిన లేఖల్లో ఒకటి కర్నూలు జిల్లా నుంచి ఒక సోదరుడు రాసినది. ఇంట్లో ఆరుగురు. తల్లిగారికి మోకాళ్ళ నొప్పులు. బస్సు మెట్లు ఎక్కలేరు. వడ్డీ అప్పు జోలికి పోకూడదన్న నిశ్చయంతో, బంధువులంతా కలిసి వేలంపాట లేకుండా వేసుకున్న చీటీలో నాలుగేళ్ళు కూడబెట్టి నాలుగున్నర లక్షలు చేతికి తెచ్చుకున్నారు. ఆ ధరకు ఏడుగురు కూర్చునే ఎర్టిగా ఒకటి దొరికింది. తెల్ల నంబర్ ప్లేటు, మెరిసే రంగు. బయానా ఇవ్వబోయే ముందు రోజు తెలిసింది, ఆ బండి ఆరు నెలల క్రితం దాకా పసుపు ప్లేటుతో హైదరాబాదులో కిరాయికి తిరిగిందని. ఏజెంటును నిలదీస్తే, "మీరు అడగలేదు, నేను చెప్పలేదు" అన్నాడట.

సోదరుని ప్రశ్నలు మూడు. అలాంటి బండి కొనవచ్చునా? చెప్పకుండా అమ్మజూపడం ధర్మమేనా? రేపు తాము దాన్ని అమ్మవలసివస్తే ఈ సంగతి చెప్పి తీరాలా?

మొదటి రెండు ప్రశ్నలు తరచూ మా వద్దకు వస్తుంటాయి. మూడవది ఇంతవరకు ఎవరూ అడగలేదు.

ముందు బండి సంగతి. కిరాయికి తిరిగినంత మాత్రాన వాహనం పనికిరానిదైపోదు. ఎవరి చేతిలో తిరిగిందన్నదే అసలు విషయం. సొంత బండిని తానే నడుపుకునే క్యాబ్ డ్రైవరుకు అదే జీవనాధారం. ఆయిలు మార్పించకపోతే తన రేపటి సంపాదనే ఆగిపోతుంది. అటువంటి బండి ఊళ్ళ మధ్య రహదారుల మీద ఎక్కువగా తిరిగినదైతే, కిలోమీటర్లు ఎన్ని ఉన్నా ఇంజను నెమ్మదిగానే అరుగుతుంది. యజమాని ఒకరు, జీతానికి నడిపేవారు పూటకొకరు అయినచోట ఆ శ్రద్ధ తగ్గుతుంది. నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలతో కనిపించే సెల్ఫ్ డ్రైవ్ బండ్ల సంగతి వేరు. వారాంతానికి అద్దెకు తీసుకున్నవారు క్లచ్ మీద కాలు తీయకుండా నడిపినా, గుంతల్లో దూకించినా అడిగేవారుండరు. ఈ మూడింటిలో మొదటి రకమైతే ఆలోచించవచ్చు. మూడవ రకమైతే ఎంత చవకైనా వద్దనే మా అభిప్రాయం.

కిలోమీటర్ల లెక్క కూడా చూడాలి. రోజుకు 200 కిలోమీటర్లు, నెలకు 25 రోజులు తిరిగితే ఏడాదికి 60,000. నాలుగేళ్ళ క్యాబ్ మీటరులో 70,000 కనిపిస్తే ఎవరో మీటరును వెనక్కి తిప్పారని అనుమానించక తప్పదు. మీటరు అబద్ధం చెప్పినా బండి నిజం చెబుతుంది. సొంత కారులో డ్రైవరు సీటు ముందుగా నలుగుతుంది. కిరాయి కారులో వెనుక సీటు, ముఖ్యంగా ఎడమవైపు, కుంగిపోయి ఉంటుంది. వెనుక తలుపుల పిడులు, రబ్బర్లు అరిగి ఉంటాయి. డ్యాష్‌బోర్డు మీద ఫోను స్టాండు బిగించిన మరల గుర్తులు, ప్యానిక్ బటన్ తీసేసిన చోట రంధ్రాలు, తలుపుల మీద స్టిక్కర్ల జిగురు మరక, ఇవన్నీ పగటి వెలుగులో చూస్తే తెలుస్తాయి. టైరు అంచున ఉండే నాలుగు అంకెల్లో మొదటి రెండు తయారైన వారాన్ని, తరువాతి రెండు సంవత్సరాన్ని చెబుతాయి. తక్కువ తిరిగిందని చెప్పే బండికి నాలుగు టైర్లూ కొత్తవైతే కారణం అడగండి. ఆర్సీలో మోడల్ పేరు చదవండి. మారుతీ సంస్థ క్యాబ్‌ల కోసం అమ్మే డిజైరుకు 'టూర్ ఎస్' అనీ, ఎర్టిగాకు 'టూర్ ఎం' అనీ పేర్లు. ఎంత రంగు వేసినా ఆ పేరు చెరగదు. అన్నిటికంటే గట్టి సాక్ష్యం కంపెనీ సర్వీసు కేంద్రంలో ఉండే పాత సర్వీసుల వివరాలు. ఏ తేదీన ఎన్ని కిలోమీటర్ల దగ్గర వచ్చిందో అక్కడ నమోదై ఉంటుంది. వాటిని తెప్పించి చూపమని అమ్మేవారినే కోరండి. కుదరదని తప్పించుకుంటే అదే జవాబు అనుకోండి.

మెకానిక్ మీవాడై ఉండాలి, ఏజెంటు పిలిపించినవాడు కాదు. చాలా ట్యాక్సీలకు గంటకు 80 కిలోమీటర్లు దాటనీయని స్పీడ్ గవర్నర్ బిగించి ఉంటుంది. దాన్ని పద్ధతిగా తొలగించారో, వైర్లు కత్తిరించి వదిలేశారో చూపించుకోవాలి. సీఎన్‌జీ సిలిండరు ఉంటే మూడేళ్ళకొకసారి జరగవలసిన పీడన పరీక్ష ధ్రువపత్రం అడగాలి. పిల్లలను ఎక్కించుకునే బండిలో ఈ ఒక్క కాగితం లేకపోయినా లేచి వచ్చేయాలి.

ఇక రెండవ ప్రశ్న. దైవప్రవక్త (స) బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూసిన సంఘటన మన పాఠకులకు తెలిసినదే. హజ్రత్ అబూ హురైరా (ర) ఉల్లేఖించిన ఈ హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. పైన పొడి గింజలు, లోపల తడి. వాన వల్ల తడిసిందని వర్తకుడు చెప్పుకున్నాడు. వాన కురవడం అతని తప్పు కాదు. తడిసిన గింజలు జనానికి కనబడేలా పైన ఉంచకపోవడమే తప్పని, మోసగించేవాడు తమవాడు కాడని ఆయన (స) హెచ్చరించారు. బండి కిరాయికి తిరగడం ఏ విధంగానూ నేరం కాదు, హలాల్ సంపాదనే. దాన్ని దాచి అమ్మడం దగ్గరే తప్పు మొదలవుతుంది.

మీటరు తిప్పేవారి విషయంలో మరో ఆదేశం ఇంకా సూటిగా వర్తిస్తుంది. అమ్మకానికి ముందు కొన్ని రోజులు పాలు పితకకుండా పొదుగు నిండుగా కనిపించేలా చేసి ఒంటెను, మేకను అమ్మడాన్ని దైవప్రవక్త (స) నిషేధించారు. అలా మోసపోయినవారికి తిరిగి ఇచ్చివేసే హక్కు కల్పించారు. సహీహ్ ముస్లింలోని ఉల్లేఖనంలో అందుకు మూడు రోజుల గడువు ప్రస్తావన ఉంది. అక్కడ కూడా అమ్మేవాడు నోటితో అబద్ధమాడలేదు. పొదుగు చేత ఆడించాడు.

"మీరు అడగలేదు" అన్న ఏజెంటు మాటకు విలువ ఉన్నదా? హనఫీ ధర్మశాస్త్ర గ్రంథాలు లోపం అంటే ఏమిటో చాలా వ్యావహారికంగా నిర్వచించాయి. వర్తకుల ఆచారంలో ఏ విషయం వస్తువు ధరను తగ్గిస్తుందో అదే లోపం. దీన్ని మన ప్రశ్నకు అన్వయించండి. ఒకే ఏడాది తయారైన రెండు ఎర్టిగాల్లో ఒకటి ఇంటి బండి, ఒకటి క్యాబ్ అని తెలిస్తే బజారు రెండింటికీ ఒకే ధర కట్టదు. కనుక ఇంజను ఎంత బాగున్నా, కిరాయి గతం చెప్పవలసిన విషయమే అవుతుంది. తెలియకుండా కొన్నవారికి ఖియారుల్ ఐబ్, అంటే లోపం బయటపడినప్పుడు వస్తువు తిరిగి ఇచ్చి పూర్తి ధర వెనక్కి తీసుకునే హక్కు ఉంటుంది. రవాణా కార్యాలయం ప్లేటు రంగు మార్చడానికి అనుమతిస్తుంది; అది చట్టసమ్మతం. అయితే ఆ అనుమతి బండిని వాడుకోవడానికే గాని దాని చరిత్రను దాచడానికి కాదు.

ఇమాం గజాలీ తమ 'ఇహ్యా'లో ప్రస్తావించిన ఒక సంఘటన ఈ సందర్భంలో గుర్తుకు వస్తున్నది. ఒక వ్యక్తి మూడు వందల దిర్హములకు ఒంటెను కొని తోలుకుపోతున్నాడు. అక్కడే ఉండి బేరాన్ని అంతగా గమనించని సహాబీ హజ్రత్ వాసిలా బిన్ అస్ఖా (ర) వెంటపడి పిలిచి, మాంసానికి కొన్నావా, స్వారీకా అని అడిగారు. స్వారీకేనన్నాడతను. దాని గిట్టకు రంధ్రం ఉంది, వరుసగా ప్రయాణాలు చేయలేదని ఆయన చెప్పారు. కొన్నవాడు వెనక్కి వెళ్ళగా అమ్మినవాడు వంద దిర్హములు తగ్గించవలసి వచ్చింది. నా బేరం చెడగొట్టావని అమ్మినవాడు అన్నా వాసిలా (ర) తగ్గలేదు. ఆయన విక్రేత కాదు, ఏజెంటు కాదు. కేవలం తెలిసినవాడు. మన ఊళ్ళలో ఫలానా బండి సంగతి తెలిసిన మెకానిక్‌లు, పక్క దుకాణదారులు "మనకెందుకు" అని ఊరుకుంటున్న తీరును ఈ సంఘటన ముందు పెట్టి చూసుకోవాలి.

ఇది రాసే అర్హత మాకు ఎంత ఉందో కూడా చెప్పడం న్యాయం. కొన్నేళ్ళ క్రితం మా ఇంటి చిన్న కారు అమ్మాం. అంతకు ముందు ఒక రాత్రి అది లారీని రాసుకుపోతే ఎడమ ముందు తలుపు మార్పించి రంగు వేయించాం. "రంగు కలిసిపోయింది, ఎవరు చూస్తారు, చెబితే ముప్పైవేలు పోతాయి" అన్నాడు మధ్యవర్తి. మేము అబద్ధం చెప్పలేదు, మౌనంగా ఉన్నాం. కొన్నది ఒక మందుల దుకాణంలో పనిచేసే యువకుడు. తొలి వానలకు తలుపులోంచి నీళ్ళు దిగుతున్నాయని రెండు నెలలకు మా ఇంటికి వచ్చాడు. గొడవకు కాదు, ఏ గ్యారేజీలో చూపిస్తే మంచిదో అడగడానికి. మాకు ఆ సంగతి తెలిసి ఉండదనే అతని నమ్మకం. ఆ నమ్మకం ముందు మేము తల ఎత్తలేకపోయాం. విషయం చెప్పి, బండి తిరిగి తీసుకుంటామన్నాం. అతడు వద్దన్నాడు. తగ్గవలసిన ముప్పైవేలు ఇచ్చాం. తీసుకోవడానికి అతడే మొహమాటపడ్డాడు. అమ్మిన వారిద్దరూ, కొన్నవారిద్దరూ నిజం చెప్పుకుంటే వ్యాపారంలో శుభం కలుగుతుందని, దాచిపెడితే ఆ శుభం తుడిచిపెట్టుకుపోతుందని దైవప్రవక్త (స) చెప్పిన విషయం మేము ఇదే పత్రికలో అంతకు ముందే రాసి ఉన్నాం.

కాగితాల విషయం క్లుప్తంగా చెబుతాం. ట్యాక్సీని సొంత వాహనంగా మార్చాలంటే పర్మిట్ అప్పగించాలి, పన్ను బకాయిలు, చలాన్లు తీర్చాలి, ఫైనాన్స్ ఉంటే ఆ సంస్థ నిరభ్యంతర పత్రం కావాలి. ఆర్సీలో ఫైనాన్సు సంస్థ పేరు ఇంకా ఉన్నదంటే ఆ బండి మీద మరొకరి హక్కు మిగిలి ఉన్నట్లే. "వాయిదాలు మీరు కట్టుకోండి, బండి నడుపుకోండి" అనే బేరాలకు దిగవద్దు. వడ్డీ వాయిదా మన నెత్తికెత్తుకోవడమే కాక బండి కూడా మనది కాదు. బీమా పాలసీ కిరాయి వాహనానిదిగానే మిగిలిపోయిందేమో చూసి మార్పించుకోండి. మీ పేరుకు బీమా బదిలీ కోసం కొన్న 14 రోజుల్లో దరఖాస్తు చేయాలి. అమ్మేవారూ జాగ్రత్త పడాలి. ఆర్సీలో పేరు మారనంతకాలం ప్రమాద పరిహారం బాధ్యత నమోదిత యజమానిదేనని 2018లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది.

బేరంలో కొన్నవారి ధర్మం కూడా ఉంది. "ఇంకొకరు అయిదు లక్షలకు అడిగారు" అని లేని గిరాకీని సృష్టించడం నజష్, అది నిషిద్ధం. అయితే క్యాబ్ అన్న మాట పట్టుకుని, వాయిదాలు కట్టలేక అమ్ముకుంటున్న డ్రైవరును సగం ధరకు దిగలాగడం కూడా ముస్లింకు తగదు. ట్యాక్సీ బండిలో పెళ్ళికి వచ్చారని బంధువులు నవ్వుతారేమోనన్న బెంగను ఆ సోదరుడు లేఖ చివర కొంచెం సిగ్గుగా ప్రస్తావించారు. తల్లిగారు మెట్లెక్కే బాధ తప్పించే బండికి నవ్వే బంధువులను నవ్వనివ్వండి.

మూడవ ప్రశ్నకు మా జవాబు: చెప్పి తీరాలి. అడిగినా, అడగకపోయినా. ఆ ఎర్టిగా పదేళ్ళ తరువాత చేతులు మారినా, బజారు దృష్టిలో ఆ గతం ధరను తగ్గించేదిగా ఉన్నంతకాలం చెప్పవలసిందే. కనుక ఈనాడే ఆ తగ్గింపుతో కొనండి. అప్పుడు రేపు చెప్పి అమ్మడం భారమనిపించదు.

సోదరునికి విడిగా జాబు రాశాం. సర్వీసు వివరాలు తెప్పించమని, ఖియారుష్ షర్త్ ప్రకారం మూడు రోజుల్లో తన మెకానిక్ వద్దంటే బయానా తిరిగి ఇవ్వాలని కాగితం మీద రాయించుకోమని సూచించాం. ఆ షరతుకు ఏజెంటు ఒప్పుకోలేదట. బండి అసలు యజమాని అయిన డ్రైవరు ఫోను నంబరు సంపాదించి సోదరుడు నేరుగా మాట్లాడారు. అతడు రెండు లక్షల పదివేల కిలోమీటర్లు తిరిగిందని దాచకుండా చెప్పి, కర్నూలు తెచ్చి చూపిస్తానన్నాడు. వచ్చే ఆదివారం జుహర్ నమాజు తరువాత బండి చూడబోతున్నారు.