గ్యాస్ మాత్ర పక్కన కారణం, గడువు రాయండి

ఆసుపత్రుల్లో మందులు రాసే డాక్టర్లకు, వాటిని వేళకు ఇచ్చే నర్సులకు, మంచం పక్కన కూర్చునే ఇంటివాళ్ళకు ఈ విజ్ఞప్తి.

జ్వరంతో చేరినా, హెర్నియా ఆపరేషన్‌కి చేరినా, చెయ్యి విరిగి చేరినా చాలా కేస్ షీట్లలో యాంటీబయాటిక్ కింద వరుసలోనే పాంటప్రజోల్ 40 అనే గ్యాస్ మందు కనిపిస్తుంది. ముందు ఇంజెక్షన్, తర్వాత పరగడుపున మాత్ర. రోగికి ఇదివరకు అల్సర్ ఉందా, కడుపులో మంట ఉందా అన్నది ఆ షీట్‌లో ఎక్కడా ఉండదు. డిశ్చార్జ్ కాగితంలో అదే మందు '1-0-0', అంటే పొద్దున ఒకటి, అని దిగుతుంది. ఎన్నాళ్ళన్నది మాత్రం రాయరు. ఆ కాగితం పట్టుకుని మందుల షాపులో స్ట్రిప్పు మీద స్ట్రిప్పు కొంటూ ఏళ్ళు గడిపేసేవాళ్ళు ఎందరో.

ఈ అలవాటు ఊరికే పుట్టింది కాదు. ఒళ్ళు బాగా కాలినవాళ్ళకు, తలకు పెద్ద దెబ్బ తగిలినవాళ్ళకు, వెంటిలేటర్ మీద ఉన్నవాళ్ళకు కడుపులో పుండ్లు పడి రక్తం పోయే ప్రమాదం నిజంగానే ఉంది. అయితే ఐసీయూలో చేరిన అందరికీ ఉందా? కెనడాలో డెబొరా కుక్ బృందం ఐసీయూల్లోని 2,252 మందిని గమనించి 1994లో జవాబు చెప్పింది. 48 గంటలు దాటి వెంటిలేటర్ మీద ఉండటం, రక్తం గడ్డకట్టే గుణం దెబ్బతినడం, ఈ రెండే ప్రధాన కారణాలని తేలింది. రెండూ లేనివాళ్ళలో ప్రమాదకరమైన రక్తస్రావం వెయ్యి మందిలో ఒక్కరికి మాత్రమే జరిగింది. ఐసీయూలోనే ఇంత తక్కువైతే, లేచి నడుస్తూ ఇడ్లీ తింటున్న వార్డు రోగికి ఈ ఇంజెక్షన్ దేనికి?

అవసరమైన చోట మందు గట్టిగా పనిచేస్తుంది. 2024లో వచ్చిన 'రివైజ్' అనే క్లినికల్ ట్రయల్‌లో, వెంటిలేటర్ మీద ఉన్నవాళ్ళలో ఈ మందు వల్ల రక్తస్రావం 3.5 శాతం నుంచి 1 శాతానికి తగ్గింది. అక్కడ మానేయమని ఎవరూ అనరు. నా బాధంతా ఐసీయూ దాటాక కూడా ఆ మందు రోగి వెంటే ఇంటిదాకా వెళ్ళడం గురించే.

ఏళ్ళ తరబడి వాడితే మెగ్నీషియం, బీ12 తగ్గవచ్చు. యాంటీబయాటిక్స్ వాడేవాళ్ళలో క్లోస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ అనే క్రిమి వల్ల మొండి విరేచనాలు పట్టుకునే ప్రమాదం పెరుగుతుంది. అరుదుగా మూత్రపిండాలు వాస్తాయి. ఎముకలు విరగడానికీ దీనికీ సంబంధం ఉండవచ్చని అమెరికా ఎఫ్‌డీఏ 2010లోనే హెచ్చరించింది.

ఇంకోపక్క, నిజంగా కావలసినవాళ్ళకు అందడం లేదు. మోకాళ్ళ నొప్పికి రోజూ డైక్లోఫెనాక్ మింగే డెబ్భై ఏళ్ళ అమ్మమ్మకు, స్టెంట్ వేయించుకుని ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రెండూ వాడే తాతయ్యకు కడుపు రక్షణ అవసరం. వీళ్ళ చీటీల్లో అది తప్పిపోతే రక్తపు వాంతితో ఎమర్జెన్సీకి రావలసి వస్తుంది.

డాక్టర్లూ, ఈ మందు రాసిన ప్రతిసారీ పక్కన కారణం, ఆపే తేదీ రాయండి. మింగగలిగిన రోగికి ఇంజెక్షన్ బదులు మాత్ర ఇవ్వండి. రోగిని ఐసీయూ నుంచి వార్డుకు మార్చే రోజున, డిశ్చార్జ్ రోజున ఈ ఒక్క మందునూ ప్రత్యేకంగా చూడండి. ఫార్మ్-డీ విద్యార్థులు, క్లినికల్ ఫార్మసిస్టులు ఉన్నచోట ఆ పని వాళ్ళకు అప్పగించండి, వాళ్ళు పట్టుకున్న పొరపాటును వినండి. నర్సమ్మలు అడిగితే విసుక్కోకండి.

ఇంటివాళ్ళూ, "డాక్టరుగారూ, ఈ గ్యాస్ మాత్ర ఎందుకు, ఎన్నాళ్ళు?" అని మొహమాటం లేకుండా అడగండి. అంతేగాని, ఇది చదివి రేపే మానేయకండి. చాలాకాలం వాడి ఒక్కసారిగా ఆపితే యాసిడ్ ఎగదన్ని కొన్ని వారాలు మంట పుట్టవచ్చు, జబ్బు తిరగబెట్టిందని మళ్ళీ మొదలుపెడతారు. మోతాదు ఎలా తగ్గించాలో డాక్టరే చెప్పాలి. అల్సర్ నుంచి రక్తం పోయిన చరిత్ర ఉన్నవాళ్ళు, గుండె మందులతో కలిపి వాడుతున్నవాళ్ళు డాక్టరు ఆపమనేదాకా కొనసాగించాలి.